రెండో పేరు

నాకు సంఘాలు రెండు. ఒకటి ఈ పత్రిక వేసే మన తెలుగు సంఘం. రెండోది ఆదివారం పొద్దున మేం ఆరాధనకు కూడుకునే సంఘం. ఎప్పుడూ మొదటిదాని కబుర్లే రాసే నేను ఈసారి రెండోదాని గురించి రాస్తున్నాను. మతప్రచారానికి దిగాడని అనుకోకండి. చదివితే మీకే తెలుస్తుంది, ఇందులో నేను గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు.

2017లో నాలుగు కుటుంబాలతో మా వరండాలో ఆరాధన మొదలుపెట్టాం. మంచిర్యాల వాళ్ళొకరు, సిర్పూరు వాళ్ళొకరు, గుంటూరు వైపు వాళ్ళం ఇద్దరం. బొగ్గు గనుల్లో కొందరు, కరెంటు కేంద్రంలో కొందరు. ఒక డోలకు, రెండు జతల తాళాలు, అట్టలూడిన కీర్తనల పుస్తకాలు. ఆరేళ్ళలో నాలుగు కుటుంబాలు ఇరవై మూడయ్యాయి. 2023లో చందాలు వేసుకుని ఊరి చివర చిన్న స్థలం కొన్నాం. గుడి కట్టాలి. గోడలు లేవకముందే గొడవ లేచింది, పాలరాతి పలక మీద ఎవరి పేర్లుండాలని.

పదకొండు పేర్లు రాశారు. నాది నాలుగోది. "ఆరేళ్ళు వరండా నాది, కరెంటు బిల్లు నాది, అందరికీ టీలు మా ఇంటావిడ చేతివి. నాలుగోదేమిటి?" అని పెద్దల కూటంలో అడిగాను. ఇప్పుడు 'అడిగాను' అని మెల్లగా రాస్తున్నాను గాని, ఆ రోజు లేచి నిలబడి అరిచాను. మా పాస్టరుగారు నా కొడుకు ఈడువాడు. "అలాగేనండి అంకుల్, మార్పిద్దాం" అన్నాడు. మార్పించాడు కూడా. పలక చెక్కి వచ్చింది. పాస్టరుగారి తర్వాత నా పేరే. గోనెసంచిలో చుట్టి మా వరండాలోనే దించి పోయారు.

ఆ నెలలోనే ఖమ్మంలో మేనల్లుడి పెళ్ళి. మా బల్లార్షా నుంచి కాజీపేట మీదుగా విజయవాడ పోయే బళ్ళు వరంగల్లు, మహబూబాబాదు దాటాక డోర్నకల్ జంక్షను మీదుగా పోతాయి. బొగ్గు గనుల లైను చీలేది అక్కడే కాబట్టి మా వాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. దిగి చూసినవాళ్ళు తక్కువ. నేను ఒక పూట ముందు బయలుదేరి దిగాను.

అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ చూడవలసిందే. మసీదు గుమ్మటాల్లాంటి గుమ్మటాలు, గుడి మంటపంలో ఉన్నట్టు స్తంభాలు, పైన సిలువ. కట్టించింది బిషప్ వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారు. ఆయన తెలుగువారు కాదు. 1874లో తిరునల్వేలి జిల్లాలో పుట్టిన తమిళులు, పల్లెటూరి పాదిరిగారి అబ్బాయి. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు పరాయి దేశం డబ్బు ముట్టకుండా, సొంత చందాలతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. అందులో ముందు నిలిచినవారిలో ఈయన ఒకరు. ఆ సంఘం పని చేసిన చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇంకెవరినో పంపి తాను ఊరుకోవచ్చు. 1909లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శి పని వదిలి తానే వచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగులోనే పని చేశారు.

వినయమంటే చేతులు కట్టుకుని నిలబడటమే అనుకుంటే మాత్రం ఈయన మనకు అంతుపట్టరు. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవారిలో నూటికి తొంభైమందికి పైగా తెల్లవారే. మాకోసం మీ సొమ్మిచ్చారు, ఒళ్ళు దాచుకోకుండా పనిచేశారు, మాతో స్నేహం మాత్రం చెయ్యలేదు, అది చెయ్యండి అని వారి మొహానే అడిగారు. కొందరికి కోపం వచ్చింది. అదే మనిషి డోర్నకల్ వచ్చాక, సంఘంలో చేరిన మాల, మాదిగ కుటుంబాల మధ్య ఎక్కువ తక్కువలు ఒప్పుకోక అందరినీ ఒకే బంతిలో తినమన్నారు. పైవారి దగ్గర తల వంచలేదు, కిందివారని లోకం అన్నవారి దగ్గర తల ఎగరెయ్యలేదు. నేను చేసింది సరిగ్గా దీనికి ఎదురు. గనిలో మేనేజరు ముందు ఏనాడూ నోరెత్తనివాణ్ణి కుర్ర పాస్టరు మీద ఎత్తాను.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. అంత పదవి వచ్చాక ముందు కెథడ్రల్ లేవాలి కదా! దాని ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. అంటే 26 ఏళ్ళ తర్వాత. ఆరేళ్ళకే నాకు పలక కావలసివచ్చింది. 1945 జనవరి 1న అజరయ్యగారు డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆ గుమ్మటాల కింద నాకు ఇంకొకటి తట్టింది. చంద్రపూర్ వచ్చి 31 ఏళ్ళయినా నాకొచ్చిన మరాఠీ కూరగాయల బేరానికి సరిపోతుంది, అంతే. పైగా మాది 'కొత్త' సంఘం అని చెప్పుకుంటాం. ఈ ఊరు చాందాగా ఉన్న రోజుల్లోనే, 19వ శతాబ్దంలోనే, స్కాట్లండు ఎపిస్కోపల్ సంఘం వారు ఇక్కడ మిషను పెట్టారు. 1895లో బాప్తిస్మం పొందిన నారాయణ వామన్ టిళక్ మరాఠీ అభంగాల బాణీలో క్రైస్తవ గీతాలు రాశారు. పండిత రమాబాయి మామూలు ఆడవాళ్ళకు అర్థం కావాలని బైబిలును తేట మరాఠీలోకి తెచ్చారు. వీటిలో ఒక్కటీ మా వరండా మెట్టెక్కలేదు. మహాకాళి జాతరకు ఏటా తెలంగాణ నుంచీ జనం వచ్చే ఊరు ఇది. 1956 అక్టోబరు 16న అంబేడ్కర్‌గారు వచ్చి వేలాదిమందికి బౌద్ధ దీక్ష ఇచ్చిన ఊరు. ఇలాంటి చోట మేమే ఏదో తెచ్చి పెడుతున్నామని అనుకోవడం ఏమిటి?

మా పక్కింట్లో ఒక మరాఠీ ఆజీ ఉంది. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం మా చెప్పులు ఆవిడ గేటు ముందే. ఒక్కనాడూ మాట అనలేదు. ఊరినుంచి వచ్చాక మొదటిసారి నేనే వెళ్ళి, మా గోలతో ఇన్నాళ్ళూ ఇబ్బంది పెట్టామని నా వచ్చీరాని మరాఠీలో చెప్పాను. ఆవిడ నవ్వింది. "మీ రాగాలన్నీ నాకు వచ్చు, మాటలే రావు" అని ఒక కీర్తన కూనిరాగం తీసింది. మా వాళ్ళలో సగంమందికంటే శ్రుతిలో ఉంది. "అంత దూరంలో కట్టుకుంటే ఇక ఆదివారం అని నాకెలా తెలుస్తుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వచ్చే కూటంలో, వారం వారం ఒక బైబిలు భాగం మరాఠీలో చదువుదామన్నాను. "పిల్లల చెవిన తెలుగు పడేది ఈ రెండు గంటలే. అదీ పంచుకోవాలా?" అన్నారొకాయన. ఆయన అన్నది తప్పని నేననలేను. ఈ పత్రిక చదివే మీరూ అనలేరు. చాలాసేపు నడిచింది. చివరికి ఆరాధన తెలుగులోనే, ఒక్క భాగం మాత్రం మరాఠీలో అని తేలింది. చదివేది ఎవరంటే అందరూ నావంక చూశారు.

మరాఠీ బడిలో చదివే పదేళ్ళ పిల్ల నాకు గురువు. మరాఠీలో చ రెండు రకాలట, మన పాత పెద్దబాలశిక్షలో ఉన్నట్టు. చార్‌లో చ వేరు, చాంగలాలో ౘ వేరు. మొదటి ఆదివారం మూడో వాక్యం దగ్గరే "తాతా, తప్పు" అని అందరిముందూ ఆపింది. మళ్ళీ చదివాను. మళ్ళీ ఆపింది. గేటు అవతల ఆజీ కుర్చీ వేసుకుని కూచుంది.

గుడి గోడలు కిటికీల దాకా లేచాయి. పలక ఎక్కడ పెట్టాలని మేస్త్రీ రెండుసార్లు అడిగాడు, పాస్టరుగారు నన్ను అడగమన్నాడు, నేను చూద్దాంలే అన్నాను. అది ఇంకా గోనెసంచిలోనే, మా వరండాలో గోడవారగా పడుకుని ఉంది. ఆజీ గేటు ముందు చెప్పులు పెట్టొద్దని చెప్పాం కదా, మొన్న ఆదివారం పిల్లలు అన్నీ దానిమీద వరసగా పేర్చారు.