ఆకలి ఎక్కువ, బరువు తక్కువ

ఇంటి ఇల్లాలు మునుపటికంటె బాగానే తింటున్నది. పూటకు రెండు ముద్దలు ఎక్కువే. అయినా జాకెట్లు వదులవుతున్నాయి, మెడ ఎముకలు పైకి తేలుతున్నాయి. తిన్నది ఒంటికి పట్టడం లేదని పెద్దలు దిష్టి తీస్తారు. చదువుకున్నవారు చక్కెర వ్యాధి ఉందేమోనని రక్తం పరీక్ష చేయిస్తారు. క్షయ అన్న అనుమానంతో ఛాతీకి ఎక్స్-రే తీయించేవారూ కద్దు. చేతులు వణికితే నరాల బలహీనత, గుండె దడదడలాడితే బెంగ, చెమటలు పడితే ముట్లుడిగే వయస్సు అని ఒక్కొక్క బాధకు ఒక్కొక్క కారణం చెప్పుకుంటారు. వీటన్నింటికీ మూలం గొంతు ముందుభాగాన, చర్మానికి కాస్త దిగువనే ఉన్న థైరాయిడ్ గ్రంథి కావచ్చునన్న సంగతి ఎన్నో నెలలకు గాని బయటపడదు.

రెక్కలు విప్పిన సీతాకోకచిలుకను పోలిన ఈ గ్రంథి బరువు పెద్దవారిలో 15 నుంచి 20 గ్రాములు. ఇది తయారుచేసే థైరాక్సిన్ అనే హార్మోను పొయ్యిలో మంటను ఎగదోసినట్లు శరీరంలోని జీవక్రియల వేగాన్ని నిర్ణయిస్తుంది. మంట ఎంత ఉండాలో చెప్పేది మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి. అది పంపే ఆజ్ఞ పేరు టి.ఎస్.హెచ్. గ్రేవ్స్ వ్యాధిలో శరీరపు రక్షణ వ్యవస్థ పొరపాటున కొన్ని ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అవి టి.ఎస్.హెచ్. వేషంలో వచ్చి థైరాయిడ్‌ను అదేపనిగా అదిలిస్తాయి. పిట్యూటరీ తన ఆజ్ఞలు ఆపివేసినా గ్రంథి ఆగదు. డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో ఈ వ్యాధిని వర్ణించాడు. జర్మనీలో 1840లో బేసెడో వర్ణించాడు గనుక యూరపులో చాలాచోట్ల దీనికి ఆయన పేరే. పురుషులలో కంటె స్త్రీలలో ఇది అనేక రెట్లు అధికం.

గొంతు వాపులన్నీ ఒకటి కావు. శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో ప్రారంభించిన ప్రసిద్ధ పరిశోధన అయొడిన్ లోపంవల్ల వచ్చే వాపును గురించినది. అయొడైజ్డ్ ఉప్పుతో దానిని అరికట్టవచ్చునని ఆ పరిశోధన నిరూపించింది. గ్రంథి అతిగా పనిచేసే జబ్బు వేరు. ఈ తేడా తెలియక థైరాయిడ్ అనగానే అయొడిన్ టానిక్కులు, సముద్రపు నాచు మాత్రలు వాడేవారు అగ్నిలో ఆజ్యం పోసుకుంటున్నారు. అట్లాగని వంటింటి అయొడైజ్డ్ ఉప్పును బహిష్కరించవలసిన పని కూడా సాధారణంగా లేదు.

నిర్ధారణకు రక్తపరీక్ష చాలు. టి.ఎస్.హెచ్. అట్టడుగుకు పడిపోయి, టి-3, టి-4 హార్మోన్లు పెరిగి ఉంటాయి. అయితే హార్మోను పెరిగినంత మాత్రాన మందు మొదలుపెట్టరాదు. కాన్పు అయిన కొన్ని నెలలకో, వైరస్ జ్వరం తరువాతనో గ్రంథి వాచి, లోపల నిలవ ఉన్న హార్మోను రక్తంలోకి కారిపోవచ్చు. అది కొద్ది వారాలలో తనంతట తానే సర్దుకునే స్థితి. అక్కడ తయారీని ఆపే మందులు నిష్ప్రయోజనం. అందుకే వైద్యులు ప్రతిరక్షకాల పరీక్షగాని, గ్రంథి స్కానింగుగాని చేయిస్తారు. మరొక చిక్కు ఈ కాలపుది: జుట్టు ఊడకుండా ఉండేందుకు చాలామంది తీసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని ప్రయోగశాలల పరీక్షలను తప్పుదారి పట్టించి, లేని జబ్బును ఉన్నట్లు చూపిస్తాయి. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపివేయాలి.

ఈ జబ్బుకు మందు దొరికిన వైనం విచిత్రమైనది. దానిని వెదకుతూ ఎవరూ బయలుదేరలేదు. 1940ల ఆరంభంలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఒక పరిశోధక బృందం ఎలుకలకు సల్ఫాగ్వానిడిన్ అనే సల్ఫా మందు పెడుతున్నది. అదే నగరంలో చేదు రుచిని గూర్చి పరిశోధించే మరొకరు ఎలుకలకు ఫినైల్ థయోయూరియా తినిపిస్తున్నారు. రెండుచోట్లా ఎలుకల థైరాయిడ్ గ్రంథులు ఉబ్బిపోయాయి. ఉబ్బిన గ్రంథి ఎక్కువ పని చేయాలి గదా? కాని జరిగింది తలకిందులు. మందు హార్మోను తయారీని అడ్డుకున్నది. హార్మోను చాలక పిట్యూటరీ గట్టిగా ఆజ్ఞలు పంపింది. పని చేయలేని గ్రంథి పెరగడం మాత్రమే చేయగలిగింది. బోస్టన్ వైద్యుడు ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ దీని అంతరార్థం గ్రహించి, అదే జాతికి చెందిన రసాయనాలను రోగులకిచ్చి 1943లో ఫలితాలు ప్రకటించాడు. అంతకుముందు కత్తి పట్టవలసిన జబ్బుకు మాత్ర వచ్చింది. ఆ దశాబ్దంలోనే ప్రొపైల్‌థయోయురాసిల్, మెథిమజోల్ వెలువడ్డాయి. 1950ల తొలినాళ్లలో ఇంగ్లండు నుంచి వచ్చిన కార్బిమజోల్ మన దేశంలో నేటికీ విరివిగా వాడుకలో ఉన్నది. కడుపులో పడిన తరువాత అది మెథిమజోల్‌గా మారి పనిచేస్తుంది.

ఈ మాత్రలు కొత్త హార్మోను తయారీనే ఆపుతాయి. గ్రంథిలో అప్పటికే నిలవ ఉన్న సరుకును ముట్టవు. గాదెలో ధాన్యం ఉన్నంతకాలం కొత్త పంట లేదన్న సంగతి ఇంటికి తెలియనట్లే, మాత్రలు మొదలుపెట్టిన మొదటి రెండు మూడు వారాలూ రోగికి ఏ మార్పూ కనిపించకపోవచ్చు. మందు పనిచేయడం లేదని డాక్టరును మార్చేవారు సరిగా ఈ సమయంలోనే మారుస్తారు. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టడం సహజం. ఈలోగా దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రనొలోల్ వంటి మందు ఇస్తారు. అది జబ్బును తగ్గించదు, దాని రభసను మాత్రం అణచుతుంది. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదకరం గనుక ఆ సంగతి ముందే చెప్పాలి.

కార్బిమజోల్ సాధారణంగా జబ్బు తీవ్రతను బట్టి రోజుకు 15 నుంచి 40 మిల్లీగ్రాములతో ప్రారంభించి, హార్మోను దిగివచ్చిన కొద్దీ తగ్గిస్తూ పోతారు. మొదట్లో నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి రక్తపరీక్ష అవసరం. ఇందులో ఒక మెలకువ ఉన్నది. హార్మోను మామూలుకు వచ్చిన తరువాత కూడా టి.ఎస్.హెచ్. కొన్ని నెలలు అడుగునే పడి ఉండవచ్చు. ఒక్క ఆ అంకెను చూసి మోతాదు పెంచితే గ్రంథి పూర్తిగా చల్లబడి, రోగి మందకొడితనంలో పడతాడు. చికిత్స 12 నుంచి 18 నెలలు సాగుతుంది. రెండో మూడో నెలలోనే ఒళ్లు తేలికపడుతుంది, నిద్ర పడుతుంది, బరువు పెరుగుతుంది. జబ్బు పోయిందనుకొని సీసా పక్కన పెట్టేవారు అప్పుడే ఎక్కువ.

ఇక ఈ మందులకు సంబంధించి ప్రతి రోగి, రోగి ఇంట్లోని ప్రతి ఒక్కరు కంఠస్థం చేయవలసిన విషయం ఒకటున్నది. వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఐదుగురి వరకు, ఈ మాత్రలవల్ల రక్తంలోని తెల్లకణాలలో ముఖ్యమైన ఒక రకం హఠాత్తుగా అడుగంటిపోతుంది. సూక్ష్మక్రిములతో పోరాడే సైన్యం అది. సాధారణంగా మొదటి మూడు నెలలలోనే ఈ ప్రమాదం ఎక్కువ. తరువాత ఎన్నడూ రాదని కాదు. దాని మొదటి గుర్తులు జ్వరం, గొంతు నొప్పి, నోటిపూత. మన దేశంలో ఇంతకంటె మామూలు బాధలు మరేమున్నాయి? వీధి చివర మందుల షాపులో ఒక జ్వరం బిళ్ల, నాలుగు యాంటిబయాటిక్ గొట్టాలు తెచ్చుకోవడం ఇంటింటా ఉన్న అలవాటు. మిగిలినవారికి ఆ అలవాటు చెల్లవచ్చు. ఈ మందు వాడుతున్న వ్యక్తికి అదే ప్రాణాంతకం కావచ్చు, ఎందుకంటే గొంతు నొప్పికి మందు మింగుతూనే తెల్లకణాలను హరించే మాత్రను కూడా మింగుతూ ఉంటాడు.

చేయవలసిన పని సులభమైనది. జ్వరమో గొంతు నొప్పో వచ్చిన రోజే కార్బిమజోల్ ఆపి, ఆ రోజే తెల్లకణాల లెక్క చేయించాలి. లెక్క సరిగా ఉంటే మళ్లీ మాత్రలు వేసుకోవచ్చు. పడిపోయి ఉంటే ఆసుపత్రిలో చేర్చాలి. మందు వెంటనే ఆపినవారిలో చాలామందికి కణాలు రోజుల వ్యవధిలో తిరిగి పుంజుకుంటాయి. అటువంటివారికి ఆ మందుగాని, దాని జాతికి చెందిన మరొక మందుగాని జన్మలో మళ్లీ ఇవ్వరాదు. నెలనెలా రక్తం పరీక్ష చేయిస్తున్నాము గదా అన్న ధీమా ఇక్కడ చెల్లదు. కణాలు పడిపోవడానికి రెండు పరీక్షల నడుమ నాలుగు రోజులు చాలు. ఇంత ముఖ్యమైన హెచ్చరికను చీటీ మీద రెండు పంక్తులలో తెలుగులోనో, రోగికి వచ్చిన భాషలోనో రాసి ఇవ్వడానికి తీరిక లేని వైద్యం ఎంత ఖరీదైనదైనా అసంపూర్ణమే.

ఒంటి మీద దద్దురు, దురద అంత భయపడవలసినవి కావు. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం మాత్రం కాలేయం దెబ్బతిన్నదనడానికి సూచన. ప్రొపైల్‌థయోయురాసిల్‌తో ఈ ముప్పు తీవ్రంగా ఉండగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో మందు పెట్టెపై గట్టి హెచ్చరిక ముద్రింపజేసింది. పిల్లలకు దీనిని ఇవ్వకపోవడమే పద్ధతి.

అయినా ఆ మందుకు ఒక చోటు మిగిలింది. గర్భం మొదటి మూడు నెలలలో కార్బిమజోల్ శిశువు అవయవ నిర్మాణంలో లోపాలు కలిగించవచ్చు; అందుచేత ఆ వ్యవధిలో రెండో మందునే ఎంచుకుంటారు. నెల తప్పిందని తెలియగానే భయపడి మాత్రలన్నీ మానివేయడం పొరపాటు. అదుపు తప్పిన జబ్బు గర్భస్రావానికి, నెలలు నిండని కాన్పుకు దారి తీస్తుంది. పిల్లలు కావాలనుకునే దంపతులు ముందుగానే డాక్టరుతో మాట్లాడుకోవడం మేలు. కాన్పు తరువాత తక్కువ మోతాదులో మాత్రలు వాడుతూ బిడ్డకు పాలివ్వవచ్చు.

మాత్రల కోర్సు ముగించినవారిలో సుమారు సగంమందికి జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు తక్కువ మోతాదులో మాత్రలు కొనసాగించవచ్చు, శస్త్రచికిత్స చేయించుకోవచ్చు, లేదా రేడియో అయొడిన్ తీసుకోవచ్చు. ఈ మూడవ పద్ధతిని బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ 1941లో ప్రారంభించాడు. అయొడిన్‌ను గ్రంథి ఎక్కడున్నా లాక్కుంటుంది. ఆ అయొడిన్‌లోనే కిరణశక్తి నింపి పంపితే గ్రంథి తన చేజేతులా తన పొగరు అణచుకుంటుంది. ఎనిమిది రోజులకొకసారి ఆ శక్తి సగానికి తగ్గిపోతుంది. ముంబయిలో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ 1963లో ఏర్పడిన నాటినుంచి ఈ చికిత్స మన దేశంలో స్థిరపడింది. రేడియో అన్న మాటకు బెదిరేవారికి ఒక ఉదాహరణ: 1991లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ పరుగుకు వెళ్లి గుండె లయ తప్పి ఆసుపత్రిలో చేరితే బయటపడింది గ్రేవ్స్ వ్యాధే. ఆయన తీసుకున్నది ఈ చికిత్సే. ఆయన భార్యకు అంతకు రెండేళ్ల ముందే ఇదే జబ్బు వచ్చి ఉండడం మరొక వింత. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది పనికిరాదు. కొన్ని రోజులు పసిపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోరాదు. తరువాత చాలామందికి గ్రంథి మందగించి, జీవితాంతం రోజుకొక థైరాక్సిన్ మాత్ర వేసుకోవలసి వస్తుంది. ఈ సంగతి ముందు చెప్పకపోతే చికిత్స చెడిందని రోగి అనుకుంటాడు.

గ్రేవ్స్ వ్యాధిలో కొందరికి కళ్లు ముందుకు పొడుచుకువస్తాయి, రెప్పలు పూర్తిగా మూతపడవు. వీరికి పొగతాగడం బద్ధశత్రువు. రేడియో అయొడిన్ కూడా కంటిబాధను పెంచవచ్చు గనుక వైద్యులు తగిన జాగ్రత్త తీసుకుంటారు. పగలు నల్ల కళ్లద్దాలు, కంటి తడికి చుక్కల మందు, రాత్రి కాస్త ఎత్తైన తలగడ ఉపశమనమిస్తాయి. చూపు మసకబారినా, రంగులు వెలిసినట్లు కనిపించినా ఆలస్యం చేయరాదు.

ఇంట్లోవారు గుర్తించవలసినది మరొకటి. ఈ రోగి చీటికిమాటికి విసుక్కుంటుంది, ఏడుస్తుంది, పట్టరాని కోపం తెచ్చుకుంటుంది. కొత్తకోడలైతే పొగరనీ, పెద్దావిడైతే చాదస్తమనీ పేరు పడుతుంది. అది స్వభావం కాదు, రక్తంలోని హార్మోను. ఆమెకు కావలసినవి గాలి ఆడే గది, విశ్రాంతి, పాలూ పప్పూ సమృద్ధిగా ఉన్న భోజనం. కాఫీ తగ్గితే మంచిది. జబ్బు అదుపులోకి వచ్చాక ఆకలి అలవాటు మిగిలిపోయి బరువు హద్దు దాటే అవకాశమున్నది. అప్పుడు వడ్డన తగ్గించాలి. వృద్ధులలో మాత్రం ఈ రభస ఏదీ కనిపించకపోవచ్చు. ఊరికే నీరసం, చిక్కిపోవడం, లయ తప్పిన నాడి, అంతే.

మాత్రలు హఠాత్తుగా మానివేసినవారికి ఏదైనా తీవ్రమైన జ్వరమో, ఆపరేషనో తోడైతే విపరీతమైన జ్వరం, సంధి, నిమిషానికి 140కి మించిన నాడి కలిగి ప్రాణం మీదికి రావచ్చు. అందుచేత ఎటువంటి శస్త్రచికిత్సకు వెళ్లినా ఈ జబ్బు ఉన్నదని ముందే చెప్పాలి. డాక్టరు సలహాపై కోర్సు ముగించినవారు కూడా మొదటి ఏడాది రెండు మూడు నెలలకొకసారి, ఆ తరువాత ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. కాన్పు అయిన స్త్రీలకు తొలి సంవత్సరంలో ఇది మరీ అవసరం; తగ్గిన జబ్బు ఎక్కువగా తిరిగి తలయెత్తే కాలాలలో అది ఒకటి.