ప్రోటీన్ మడత తేల్చిన ఏఐ... మరి మన పనేంటి?

బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చదివేవాళ్లను కదిలిస్తే ఈ మధ్య ఒకటే మాట. ‘ల్యాబ్ పనులు కూడా ఏఐ చేసేస్తుంటే ఇక మాకు ఉద్యోగాలెవరిస్తారు?’ బీటెక్ సీఎస్‌ఈ వాళ్లదీ ఇదే బెంగ. కాకపోతే వాళ్ల భయం కోడింగ్ గురించి. దీనికి జవాబు ఊహించుకోనక్కర్లేదు. ఏళ్లు పట్టే ల్యాబ్ పనిని ఏఐ నిమిషాల్లోకి తెచ్చిన ఉదాహరణ ఒకటి మన కళ్లముందే ఉంది. దానికి 2024లో రసాయనశాస్త్ర నోబెల్ కూడా వచ్చింది. పోటీ పరీక్షల కోసం ముగ్గురు విజేతల పేర్లు బట్టీ పట్టి వదిలేస్తున్నాం గానీ, కెరియర్‌కు పనికొచ్చే అసలు విషయం ఆ పేర్ల వెనకే ఉంది.

అసలు చిక్కు ఏంటి?

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్, తిన్నది అరిగించే ఎంజైములు, రోగాలతో పోరాడే యాంటీబాడీలు... ఇవన్నీ ప్రోటీన్లే. 20 రకాల అమైనో ఆమ్లాలు పూసల్లా ఒకదాని పక్కన ఒకటి చేరితే ప్రోటీన్ దండ తయారవుతుంది. అయితే అది దండలా సాగి ఉండిపోదు. మడతలు పడి ఒక ప్రత్యేక ఆకారంలోకి వస్తుంది. ఆ ఆకారాన్ని బట్టే అది చేసే పని ఉంటుంది. తాళం లోపల ఎలా ఉందో తెలిస్తేనే దానికి సరిపోయే చెవి చేయగలం. కొత్త మందుల అన్వేషణలోనూ అంతే.

పూసల వరుసలోనే ఆకారం దాగి ఉంటుందని క్రిస్టియన్ అన్‌ఫిన్సెన్ ప్రయోగాలు చూపించాయి. ఆయనకు 1972లో నోబెల్ వచ్చింది. మరి వరుస తెలిస్తే ఆకారాన్ని లెక్కకట్టేయొచ్చు కదా? అక్కడే చిక్కంతా. 100 అమైనో ఆమ్లాలున్న చిన్న ప్రోటీన్ కూడా కనీసం 1 పక్కన 47 సున్నాలు పెట్టినన్ని రకాలుగా మడత పడే వీలుంది. ఒక్కొక్కటీ పరీక్షిస్తూ పోతే విశ్వం వయసు కూడా చాలదు. ఈ సంగతిని సైరస్ లెవింథాల్ 1969లోనే ఎత్తి చూపారు.

అందుకే శాస్త్రవేత్తలు కష్టమైన దారినే నమ్ముకున్నారు. ప్రోటీన్‌ను శుద్ధి చేయాలి, స్ఫటికంగా మార్చాలి, ఎక్స్-కిరణాలు పంపి ఆకారం రాబట్టాలి. ఈ పద్ధతిలో తొలి ప్రోటీన్ ఆకారాలను తేల్చిన జాన్ కెండ్రూ, మాక్స్ పెరుట్జ్‌లకు 1962లో నోబెల్ దక్కింది. ఒక్కో ప్రోటీన్‌కు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేవి. ఒకే ఒక్క ఆకారం కోసం పీహెచ్‌డీ కాలమంతా ఖర్చయిపోయినవాళ్లూ ఉన్నారు.

ఆల్ఫాఫోల్డ్ ఏం చేసింది?

కంప్యూటర్‌తో ఆకారాన్ని అంచనా వేసేవాళ్ల కోసం 1994 నుంచి రెండేళ్లకోసారి క్యాస్ప్ అనే పోటీ జరుగుతోంది. ల్యాబ్‌లో తేలినా ఇంకా బయటపెట్టని ఆకారాలనే ఇందులో ప్రశ్నలుగా ఇస్తారు. అంటే కాపీ కొట్టే వీల్లేని పరీక్ష! 2018లో డీప్‌మైండ్ సంస్థ ఆల్ఫాఫోల్డ్‌తో బరిలో దిగి దాదాపు 60 శాతం కచ్చితత్వం సాధించింది. 2020లో వచ్చిన రెండో వెర్షన్ చాలా ప్రోటీన్ల విషయంలో ల్యాబ్ ఫలితాలకు దీటుగా నిలిచింది. 2021లో దీని కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచారు. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనా ఆకారాలు ఉచిత డేటాబేస్‌లోకి చేరాయి.

ఇందుకు డీప్‌మైండ్‌కు చెందిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు నోబెల్‌లో సగం వాటా వచ్చింది. మిగతా సగం డేవిడ్ బేకర్‌ది. ఆయనది ఇందుకు తలకిందుల ప్రశ్న: మనకు కావాల్సిన ఆకారం ఇదీ అనుకుంటే, దానికి పూసలు ఏ వరుసలో పేర్చాలి? ఆయన బృందం 2003లో ప్రకృతిలో లేని ఆకారంతో టాప్7 అనే ప్రోటీన్‌ను తయారు చేసి చూపించింది.

పైకి కనిపించని పునాది

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుందాం. ఆల్ఫాఫోల్డ్ ఎక్కడ నేర్చుకుంది? 1971లో ప్రోటీన్ డేటా బ్యాంక్ అనే ఉమ్మడి ఖజానా 7 ఆకారాలతో మొదలైంది. ఆల్ఫాఫోల్డ్ రెండో వెర్షన్‌కు శిక్షణ ఇచ్చేనాటికి అందులోని ఆకారాలు 1.7 లక్షల దాకా చేరాయి. ఒక్కోటీ ఎవరో ఒకరు ల్యాబ్‌లో కూర్చుని తేల్చి, అందరికీ ఉచితంగా అందించినదే. యాభై ఏళ్ల ఆ శ్రమ లేకుంటే ఏఐకి నేర్చుకోవడానికి పాఠమే లేదు.

ఈ పునాదిలో మన దేశం వాటా కూడా ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, తన సహచరులు సి.రామకృష్ణన్, వి.శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ఒక పటం ప్రచురించారు. ప్రోటీన్ దండ ఏ కోణాల్లో వంగగలదు, ఏ కోణాల్లో వంగలేదు అన్నది అది చెబుతుంది. ఆరు దశాబ్దాలు దాటినా, ఒక ఆకారం సరైనదేనా అని చూసుకునేటప్పుడు ఇప్పటికీ రామచంద్రన్ ప్లాట్‌నే తీస్తారు. కంప్యూటర్ అంచనాలనూ దానితోనే సరిచూస్తారు.

మరి పని పోయిందా?

పోయిన పని కొంత ఉంది. ఒక మామూలు ప్రోటీన్ ఆకారం ఇలా ఉండొచ్చు అని తెలుసుకోవడానికే ఏళ్లు గడపాల్సిన అవసరం చాలావరకు తీరిపోయింది. అయితే కథ అక్కడితో ఆగలేదు.

ఆల్ఫాఫోల్డ్ తన జవాబుతో పాటు, ప్రతి భాగానికీ 0 నుంచి 100 వరకు నమ్మకపు మార్కు కూడా ఇస్తుంది. 90 దాటితే గట్టిగా నమ్మొచ్చు. 50 కంటే తక్కువైతే ఆ ఆకారాన్ని పట్టుకుని వాదించకూడదు. అక్కడ ప్రోటీన్‌కు స్థిరమైన ఆకారమే లేకపోవచ్చు. పైగా అది ఇచ్చేది ఫొటో లాంటిది, వీడియో కాదు. ప్రోటీన్ పని చేసేటప్పుడు ఎలా కదులుతుంది, ఒక్క పూస మారితే ఏం జరుగుతుంది అన్న ప్రశ్నలకు దాని జవాబును ఉన్నదున్నట్టు తీసుకోలేం. ఇక ఒక మందు మనుషులకు క్షేమమా కాదా అన్నది క్లినికల్ ట్రయల్స్‌లోనే తేలాలి.

కణ కేంద్రకానికి ద్వారంలా ఉండే కేంద్రక రంధ్ర నిర్మాణాన్నే తీసుకోండి. మనిషిలో దాదాపు 1000 ప్రోటీన్ ముక్కలు కలిస్తే అది ఏర్పడుతుంది. 2022లో దాని పటం చాలావరకు పూర్తయింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు, ఆల్ఫాఫోల్డ్ అంచనాలు... రెండూ కలిస్తేనే అది సాధ్యమైంది. జవాబు ఊహించే పనిని యంత్రం తీసుకుంది. మంచి ప్రశ్న వేయడం, డేటా పోగేయడం, జవాబును సరిచూడటం మనుషుల చేతిలోనే ఉన్నాయి. ఉద్యోగాల సంగతి ఆలోచించేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఈ మూడింటినే.

మీరు ఏం చేయొచ్చు?

హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి పరిశోధన సంస్థలున్నాయి. ఔషధ, టీకా కంపెనీలతో జీనోమ్ వ్యాలీ ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటేషనల్ బయాలజీ పరిశోధన జరుగుతోంది. సీసీఎంబీ కూడా పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో సేకరించిన 10 వేల మంది భారతీయుల జన్యు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో అది ఉంది. దాన్ని చదివి అర్థం చెప్పేవాళ్లు కావాలి కదా!

బయాలజీ విద్యార్థులైతే పైథాన్, స్టాటిస్టిక్స్ మొదలుపెట్టండి. సీఎస్‌ఈ వాళ్లు డిగ్రీ స్థాయి బయోకెమిస్ట్రీ ఒక్క సెమిస్టర్ శ్రద్ధగా చదవండి. రెండు వైపులా మాట్లాడగలిగినవాళ్లకే ఇక్కడ విలువ. సర్టిఫికెట్ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెడుతుందని మాత్రం అనుకోవద్దు. చేసిన పని చూపించగలగాలి.

ఈ వారమే ఒక చిన్న పని చేసి చూడండి. ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ ఉచితమే. మీ సిలబస్‌లో ఉన్న ఏదైనా ప్రోటీన్‌ను అందులో వెతకండి. ముదురు నీలం రంగు ఉన్నచోట నమ్మకం ఎక్కువ, నారింజ రంగు ఉన్నచోట తక్కువ. నారింజ ఎందుకొచ్చిందో చదివి ఒక పేజీ రాయండి. ఇంటర్వ్యూలో ‘ఏఐ వాడాను’ అని చెప్పడం కంటే, ‘ఏఐ మాట ఎక్కడ నమ్మకూడదో చూశాను’ అని చెప్పడానికి బరువెక్కువ.

పరీక్షల కోణంలో...

2024 నోబెల్స్‌లో చాలామంది తడబడేది ఇక్కడే. కృత్రిమ న్యూరల్ నెట్‌వర్క్‌ల మీద చేసిన కృషికి జాన్ హాప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్‌లకు వచ్చింది భౌతికశాస్త్రంలో. ప్రోటీన్ల మీద పనికి బేకర్, హసాబిస్, జంపర్‌లకు వచ్చింది రసాయనశాస్త్రంలో. మైక్రో ఆర్‌ఎన్‌ఏ కనుగొన్న విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లది వైద్యశాస్త్రం. మెయిన్స్ రాసేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు సాధన చేయండి: ‘శాస్త్ర పరిశోధనలో కృత్రిమ మేధ మానవ శ్రమకు ప్రత్యామ్నాయమా, తోడా? ఉదాహరణలతో చర్చించండి.’ ఉదాహరణ ఇప్పుడు మీ దగ్గరే ఉంది.