490 గుర్రాలకు 500 మైళ్ల కళ్లెం

అమెరికాలో షెవర్లే కార్వెట్ సీ8 కొని, కారుతో పాటు వచ్చిన పుస్తకం తెరిస్తే కొత్త యజమానికి వరుసగా ‘వద్దు’లే కనిపిస్తాయి. మొదటి 200 మైళ్లు మలుపుల్లో దూకుడు వద్దు, బ్రేకు గట్టిగా తొక్కొద్దు. మొదటి 500 మైళ్లు యాక్సిలరేటర్ అడుగంటా నొక్కి బయల్దేరొద్దు, ఇంజిన్‌ను 4,000 ఆర్‌పీఎం దాటనివ్వొద్దు, ఒకే వేగంతో సాగిపోవద్దు, క్రూయిజ్ కంట్రోల్ పెట్టొద్దు. 1,500 మైళ్లు నిండేదాకా రేస్ ట్రాక్ ఎక్కొద్దు. అరవై వేల డాలర్ల పైన పోసి కొన్నవాడికి ఇంతకంటే చిరాకు ఏముంటుంది?

చిరాకే. అయినా ఒక స్పోర్ట్స్ కారు ఎలాంటిదో తేల్చుకోవడానికి ఆ 500 మైళ్లను మించిన పరీక్ష లేదు.

సీ8 గురించి ఎవరు మాట్లాడినా ముందు వచ్చే అంకె 2.9 సెకన్లు. జెడ్51 అనే పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్న కారు నిలుచున్న చోటు నుంచి గంటకు 60 మైళ్లు, అంటే సుమారు 96 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కంపెనీ చెప్పిన సమయం అది. డెలివరీ తీసుకున్న సాయంత్రమే బావమరిదినో ఆఫీసు మిత్రుణ్నో పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు చూసుకుని ఒక్క తొక్కు తొక్కి, పక్కవాడి కేకను ఫోన్లో రికార్డు చేసి ‘ఫస్ట్ ఇంప్రెషన్’ అని పేరు పెట్టేవాళ్లకు కొదవలేదు. ఆ మూడు సెకన్లలో డ్రైవరు చేసే పని ఎంత? ఒక కాలితో బ్రేకు, ఇంకో కాలితో యాక్సిలరేటర్ నొక్కిపట్టి, బ్రేకు వదిలేయడం. క్లచ్ ఎప్పుడు కలవాలో, వెనక టైర్లు ఎంత జారవచ్చో లాంచ్ కంట్రోల్ చూసుకుంటుంది. అందులో బయటపడేది ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ల ప్రతిభ. కారు స్వభావం మాత్రం అక్కడ పట్టుబడదు.

ఇంజిన్ లెక్కలు చూస్తే ఈ కళ్లెం ఎంత బిగువైనదో అర్థమవుతుంది. ప్రాథమిక మోడల్‌లోని 6.2 లీటర్ల వీ8 ఇచ్చేది 490 హార్స్‌పవర్. పెర్ఫార్మెన్స్ ఎగ్జాస్ట్ ఉంటే 495. గరిష్ఠ శక్తి పుట్టేది 6,450 ఆర్‌పీఎం దగ్గర. గరిష్ఠ టార్క్ 5,150 దగ్గర. 4,000 గీత దాటనంత కాలం ఈ రెండూ యజమాని కంటపడవు. మరి అప్పుడు మిగిలేదేమిటి? స్టీరింగ్ బరువు, సీటు పట్టు, బ్రేకు పెడల్ మొదటి అంగుళంలో ఇచ్చే నమ్మకం, గతుకులో చక్రం పడితే నడుముకు తెలిసే అదురు, ఇరుకు పార్కింగ్‌లో కారు మూలలు ఎక్కడున్నాయో తెలియడం. యజమాని ఆ తర్వాత ఏళ్ల తరబడి కాపురం చేసేది వీటితోనే.

ఇప్పటి ఇంజిన్లకు ఈ మడి అక్కర్లేదని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. సిలిండర్ల లోపలి గోడలను తీర్చే పనిలో నునుపు, కచ్చితత్వం బాగా పెరిగాయి. కానీ పిస్టన్ రింగులు ఆ గోడల మీది సన్నని గీతలకు ఒరిపిడి పడి కుదురుకోవాల్సిందే. అందుకే ఒకే వేగం వద్దని, లోడు మారుతూ ఉండాలని పుస్తకం అంటుంది. పైగా మొదటి 200 మైళ్ల నిబంధన ఇంజిన్ కోసం పెట్టింది కాదు, టైర్లకూ బ్రేకులకూ పెట్టింది. కొత్త టైరుకు పూర్తి పట్టు ఉండదు, జారే స్వభావం ఉంటుందని కంపెనీ విడమరచి చెబుతోంది. కొత్త బ్రేకు ప్యాడ్లు కూడా డిస్కులతో కుదురుకోవాలి. బరువులో ఇంచుమించు 60 శాతం వెనక మోసే కారు ఇది; ప్రాథమిక మోడల్ నడిచేది వెనక చక్రాలతోనే. వాన పడి తడిసిన మలుపులో, అరగని కొత్త టైర్లతో, డ్రైవరుకు ఇంకా అలవాటు పడని స్టీరింగ్‌తో దూకుడు చూపిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంజనీరే కానక్కర్లేదు.

ఆ బరువు వెనక్కి చేరడం వెనక అరవై ఏళ్ల కథ ఉంది. బెల్జియంలో రష్యన్ తల్లిదండ్రులకు పుట్టిన జోరా ఆర్కస్-డంటోవ్ అనే ఇంజనీరు 1953లో న్యూయార్క్ మోటోరమా ప్రదర్శనలో తొలి కార్వెట్ చూసి, అదే ఏడాది జనరల్ మోటార్స్‌లో చేరాడు. ఇంజిన్‌ను డ్రైవరు వెనక పెట్టాలన్నది ఆయన పట్టుదల. 1960లో సెర్వ్-1 అనే ప్రయోగ వాహనంతో అది చేసి చూపించాడు కూడా. అమ్మే కారులో మాత్రం పై అధికారులు ఒప్పుకోలేదు. ముందు ఇంజిన్‌తోనే కార్వెట్లు బాగా అమ్ముడవుతుంటే ఖర్చు పెట్టి మార్చడం ఎందుకన్న వాదన దశాబ్దాల పాటు నెగ్గింది. డంటోవ్ 1996లో కన్నుమూశాడు. ఆయన కోరుకున్న కారును కంపెనీ 2019 జులైలో కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో తెర తీసి చూపించింది. ఉత్పత్తి 2020 ఫిబ్రవరిలో కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌లో మొదలైంది. ప్రారంభ ధర 59,995 డాలర్లు. ఇంజిన్ మధ్యలో పెట్టిన ఇటాలియన్ సూపర్ కార్లు మూడింతలకు పైగా పలుకుతున్న రోజుల్లో ఆ అంకె విని పోటీ కంపెనీలు ఉలిక్కిపడ్డాయంటే ఆశ్చర్యం లేదు. తర్వాత ధర పెరుగుతూ వచ్చిందనుకోండి.

ఇంజిన్ వెనక్కి చేరిన ఈ మార్పు నెమ్మదిగా నడిపేవాడికే బాగా తెలుస్తుంది. పాత సీ7తో పోలిస్తే డ్రైవరు సీటు 16 అంగుళాలకు పైగా ముందుకు జరిగింది. ఎదుట పొడవాటి బానెట్ లేదు. కొత్త ఊళ్లో మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు దాదాపు పాదాల దగ్గరే ఉన్నట్టు అనిపిస్తుంది, రోడ్డు విండ్‌షీల్డ్ కిందికే వచ్చేస్తుంది. స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే ముక్కు అటు మళ్లుతుంది. గంటకు ముప్పై మైళ్లలోనే ఈ తేడా అర్థమైపోతుంది, 2.9 సెకన్ల అవసరమే లేదు. శబ్దం కూడా వీపు వెనక నుంచి, అద్దం అవతల నుంచి వస్తుంది.

కారు లోపల మాత్రం ఒకటి రెండు వేషాలు ఎక్కువయ్యాయి. 2025 మోడల్ దాకా డ్రైవరుకూ పక్క సీటుకూ మధ్య గోడలా లేచిన గట్టు మీద ఏసీ బటన్లన్నీ బారులు తీర్చి ఉండేవి. ఫొటోలో బాగుండేది. చలికాలం పొద్దున కావాల్సిన బటన్ వెతుక్కోవడానికి చూపు రోడ్డు మీంచి తప్పించాల్సి వచ్చేది. పక్కన కూర్చున్న ఇల్లాలికి అది తనను విడదీసిన ప్రహరీలా కనిపించినా తప్పు పట్టలేం. వెనక చూపు అంతంతమాత్రం. ఆ లోటు తీర్చడానికే అద్దంలో కెమెరా దృశ్యం చూపించే ఏర్పాటు పెట్టారు. దానికి కళ్లు అలవాటు పడటానికీ సమయం కావాలి.

సస్పెన్షన్ సంగతి వేరు. 1963 నుంచి కార్వెట్లను మోసిన అడ్డ ఆకు స్ప్రింగుకు సీ8లో సెలవిచ్చారు. నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. అదనంగా డబ్బు పెడితే, లోపలి ద్రవం చిక్కదనాన్ని అయస్కాంత శక్తితో క్షణాల్లో మార్చుకునే డ్యాంపర్లు దొరుకుతాయి. ఇంతటి కారు పగిలిన నగర రోడ్ల మీద మామూలు సెడాన్‌లా మర్యాదగా నడవడం ఈ తరం సాధించిన అసలు విజయం. ప్రకటనల్లో దీనికి చోటు తక్కువ. ముక్కు నేలకు తగలకుండా సుమారు 40 మిల్లీమీటర్లు పైకి లేపే ఏర్పాటు కూడా ఉంది. ఎక్కడెక్కడ లేపాలో జీపీఎస్ సాయంతో వెయ్యి చోట్ల దాకా గుర్తుపెట్టుకుంటుంది. మన కాలనీల స్పీడ్ బ్రేకర్ల మధ్యకు వస్తే ఆ వెయ్యి ఏ మూలకూ చాలదు! ఆ పరీక్ష దానికి రాలేదు. కుడివైపు స్టీరింగ్‌తో కార్వెట్‌ను ఫ్యాక్టరీలోనే తయారు చేయడం సీ8తోనే మొదలైనా అవి బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా దారి పట్టాయి. 2017తోనే భారత్‌లో షెవర్లే అమ్మకాలు ఆపేసిన కంపెనీ ఇటు చూడలేదు.

అసలు లోటు గేరు పెట్టె దగ్గర ఉంది. ట్రెమెక్ తయారుచేసిన ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్ తప్ప సీ8లో ఇంకో దారి లేదు. మాన్యువల్ కొనేవాళ్లు కొద్దిమందే, ఆ కొద్ది సంఖ్యకు చేసిపెట్టడానికి సరఫరాదారులు ముందుకు రాలేదన్నది కంపెనీ చెప్పిన కారణం. 1953 నాటి తొలి కార్వెట్ కూడా రెండు గేర్ల ఆటోమేటిక్‌తోనే వచ్చిందని సమర్థించేవాళ్లు గుర్తు చేస్తారు. నిజమే, ఆనాడూ జనం దాన్ని ఎద్దేవా చేశారు. 1955లో మాన్యువల్ వచ్చాకే దానికి స్పోర్ట్స్ కారన్న పరువు దక్కింది. ఇప్పటి పెట్టె పనితనానికి వంక పెట్టలేం. గేరు మారినట్టే తెలియదు. సరిగ్గా అదే ఇబ్బంది. 4,000 ఆర్‌పీఎం లోపల తిరుగుతున్నప్పుడు డ్రైవరు చేతికీ ఎడమకాలికీ పని ఉండదు. హైవే ఎక్కితే ఇంధనం ఆదా కోసం ఎనిమిది సిలిండర్లలో నాలుగు పడుకుంటాయి కూడా. పొదుపు బాగానే ఉంటుంది. 2020 మోడల్‌కు హైవే మీద గాలన్‌కు 27 మైళ్లని ప్రభుత్వ లెక్క. కానీ వేగం లేనప్పుడు కూడా ఆనందం ఇవ్వగలగడం స్పోర్ట్స్ కారు లక్షణమైతే, ఆ మేరకు సీ8 ఒక మార్కు పోగొట్టుకుంది. వేల డాలర్లు తక్కువకే దొరికే చిన్న మాజ్దా మియాటా, నలభై మైళ్ల వేగంలో ఇంతకంటే ఎక్కువ కబుర్లు చెబుతుంది.

మరి ఆ 500 మైళ్లు ఎక్కడ నడపాలి? టెక్సస్‌లో ఆస్టిన్ పక్కన ఎస్‌హెచ్ 130 టోల్ రోడ్డు మీద కొంత దూరం గంటకు 85 మైళ్ల పరిమితి ఉంది. అమెరికాలో అంతకు మించిన పరిమితి మరెక్కడా లేదు. అక్కడి మన కుర్రాళ్లకు అది నోరూరించవచ్చు గానీ, తిన్నగా ఒకే వేగంతో పోయే దారి కొత్త ఇంజిన్‌కు పనికిరాదు. ఆ 85 కూడా సీ8 ప్రాథమిక మోడల్ గరిష్ఠ వేగం 194 మైళ్లలో సగం కంటే తక్కువే. అంకెల మోజు ఎంత గాలిలో ఉందో ఈ ఒక్క పోలిక చాలు.

బౌలింగ్ గ్రీన్‌లో ఫ్యాక్టరీకి దగ్గర్లోనే నేషనల్ కార్వెట్ మ్యూజియం ఉంది. కావాలనుకున్నవాళ్లు డీలరు దగ్గర కాకుండా అక్కడే డెలివరీ తీసుకోవచ్చు. 2014 ఫిబ్రవరిలో నేల కుంగి ఎనిమిది కార్వెట్లు గుంతలో పడిపోయింది ఆ మ్యూజియంలోనే. అదే మ్యూజియానికి 3.2 మైళ్ల రేస్ ట్రాక్ కూడా ఉంది. కారు అందుకున్న చోటే ట్రాక్, ఎక్కడానికేమో 1,500 మైళ్లు ఆగాలి! బుద్ధిమంతుడైతే అక్కణ్నుంచి దక్షిణానికి, నాష్‌విల్ మీదుగా నాచెజ్ ట్రేస్ పార్క్‌వే పట్టుకోవాలి. మిసిసిపీలోని నాచెజ్ దాకా 444 మైళ్లు సాగే ఆ దారిలో లారీలు ఉండవు, హోర్డింగులు ఉండవు, పరిమితి చాలావరకు గంటకు 50 మైళ్లే. ఎత్తుపల్లాలూ ఒంపులూ వేగాన్ని మారుస్తూనే ఉంటాయి. నాచెజ్ చేరేసరికి ఓడోమీటర్ మీద 500 దాటిపోతుంది.

పత్రికల టెస్టులు కొనేవాడికి పూర్తిగా అక్కరకు రాకపోవడానికి కారణం కూడా ఈ 500 మైళ్ల దగ్గరే ఉంది. విలేకరుల చేతికి కంపెనీలు సాధారణంగా అప్పటికే కొంత తిరిగి కుదురుకున్న కారే ఇస్తాయి. మొదటి రోజే పూర్తి శక్తి వాడి రాసిన సమీక్ష కస్టమర్ మొదటి నెల అనుభవానికి ఎలా సరిపోతుంది? సమీక్షకులు ఒక్క రోజైనా 4,000 లోపల నడిపి రాస్తే ఆ లోటు కొంతైనా తీరుతుంది.

500 మైళ్లు నిండేదాకా ఆగలేనివాళ్లకు ఒక మార్గముంది. నెవాడాలో పరంప్ దగ్గరున్న స్ప్రింగ్ మౌంటెన్ ట్రాక్‌లో కార్వెట్ యజమానుల కోసమే రెండు రోజుల డ్రైవింగ్ స్కూల్ నడుస్తోంది. కొత్తగా కార్వెట్ కొన్నవారి ఫీజులో కొంత జనరల్ మోటార్స్ భరిస్తుంది. నడపడానికి కార్లు స్కూలే ఇస్తుంది. తొలి వారంలోనే ఆ 2.9 సెకన్లు చూసి తీరాలనుకునేవాడు అక్కడ, శిక్షకుణ్ని పక్కన పెట్టుకుని చూడొచ్చు. అరిగేవి స్కూలు టైర్లే.