సన్నని రైతునకు చక్కెర వ్యాధి రాదనుట పొరపాటు

మన సంఘ కార్యాలయపు అరుగుమీద ఎరువుల కొఱకు కూర్చుండు సభ్యుల నోట తఱచుగా వినబడు మాట యొకటి కలదు. చక్కెర వ్యాధి పట్టణములందు కుర్చీలో కూర్చుండి బొజ్జ పెంచువారికి వచ్చుననియు, ఎచ్చెర్ల చుట్టుపట్ల ఎండకు ఎండి వానకు తడియు బక్కపలుచని రైతునకు దానితో పనిలేదనియు అందురు. ఒకప్పుడీ మాట కొంతవఱకు నిజమై యుండవచ్చును. నేడు కాదు. భారత వైద్య పరిశోధనా మండలి పక్షమున జరిగి 2023వ సంవత్సరమున ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలనలో 10 కోట్లమందికి ఈ వ్యాధి యున్నదనియు, మఱి 13 కోట్లకు పైబడినవారు దాని గడపలో నిలిచియున్నారనియు తేలినది. వ్యాధి పట్టణములందే హెచ్చుగా నున్నమాట నిజమే. కాని గడపలో నిలిచినవారి విషయమున మాత్రము పల్లెకును పట్నమునకును భేదము కనబడలేదు. మనము గమనింపవలసిన దిదియే.

గడపలో నిలుచుట యనగా నేమి? మనకు తెలిసిన కాలువ నీటితో చెప్పుకొందము. తిన్న అన్నము చక్కెరగా మాఱి నెత్తురులో చేరును. నెత్తురు కాలువ, కండరములు మళ్ళు అనుకొనుడు. ప్రతి మడికిని ఒక మదుము కలదు. పొట్టలో జీర్ణాశయము వెనుక నుండు క్లోమమను గ్రంథి ఇన్సులిన్ అను రసమును పంపగా, అది లస్కరువలె మదుము లెత్తి చక్కెరను కండరములోనికి విడుచును. మదుములు త్రుప్పుపట్టి బిగిసినచో ఒక్క లస్కరు చాలడు. క్లోమము ఇద్దఱను, ముగ్గుఱను పంపును. వారెట్లో గుంజి ఎత్తుదురు గనుక కాలువ పొంగదు, పరీక్షలో చక్కెర సరిగానే కనబడును. ఇట్లు ఏండ్ల తరబడి నడచును. తుదకు పంపుటకు మనుష్యులు కఱవైన నాడు కాలువ గట్టు దాటును. ఆ దినమునే మనము “షుగరు వచ్చిన దినము” అనుచున్నాము. మదుములు బిగియుట అంతకు ఎన్నో యేండ్ల క్రిందటనే మొదలైనది.

దీనిని వైద్యులు ఇన్సులిన్ నిరోధము అందురు. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున ఇన్సులినును కనుగొన్నపుడు ఈ రోగము కథ ముగిసినదని పలువురు తలచిరి. కాని 1936లో లండనులో హిమ్స్‌వర్తను వైద్యుడు, కొందఱు రోగుల శరీరము ఇన్సులిన్ ఇచ్చినను సరిగా మాట వినదని చూపెను. అనగా వారికి తక్కువైనది రసము కాదు, రసము మాట వినెడి గుణము.

ఈ మొండితనము కండరముతో ఆగిపోవునా? ఆగదు. కాలేయము రాత్రివేళ శరీరమునకు కావలసిన చక్కెరను తానే తయారుచేయును. చాలునని చెప్పునది ఇన్సులిన్. ఆ మాట చెవిని బెట్టని కాలేయము తయారుచేయుచునే యుండును. రాత్రి ఏమియు తినకున్నను తెల్లవారి పరీక్షలో చక్కెర హెచ్చుట కిది యొక కారణము. కొవ్వునకు సైతము కాపలాదారు ఇన్సులినే. ఆ కాపలా సడలినచో కొవ్వు నెత్తురులో దిగి కాలేయమున పేరుకొనును. కల్లు సారా ముట్టనివారికిని కాలేయమున కొవ్వు పట్టుట ఇందువలననే. మూత్రపిండములు ఉప్పును పట్టియుంచి నెత్తురు పోటును పెంచును. నెత్తురునాళములు గట్టిపడి గుండెకు కీడు మూడును. కొందఱు ఆడుపిల్లలకు నెలసరి క్రమము తప్పుటయు దీనితో ముడిపడి యున్నది. మెడ వెనుకను చంకలలోను చర్మము నల్లబడి మందమగుటను మన యిండ్లలో మురికి యనుకొని సున్నిపిండితో రుద్దెదరు. రుద్దిన పోదు. అది పెక్కుమారులు లోపలి మదుములు బిగిసినవని చెప్పు గుర్తు.

మన జిల్లాలో మూత్రపిండముల మాట వచ్చినంతనే ఉద్దానము తలంపునకు వచ్చును. ఆ జబ్బు వేఱు. అచ్చట మధుమేహము లేనివారికే అది అధికముగా వచ్చుచున్నది. దానితో దీనిని కలిపి భయపడ నక్కఱలేదు గాని, ఏండ్ల తరబడి అదుపు తప్పిన చక్కెర సైతము మూత్రపిండములను చెఱచుననుట మఱువరాదు.

ఇక సన్నదనము మాట. 2004లో పూనాకు చెందిన యాజ్ఞిక్ అను వైద్యుడును, లండనుకు చెందిన యుడ్కిన్ అను వైద్యుడును తమ్ము తామే కొలిపించుకొని ఒక ముచ్చట ప్రకటించిరి. ఎత్తునకు తగిన బరువు లెక్కలో ఇరువురును సరిగా నొక్కటే. కాని శరీరములో కొవ్వు పాలు యుడ్కినుకు నూటికి 9 యుండగా, మనవానికి 21 యున్నది. చూపునకు సన్ననివారము, లోన కొవ్వు గలవారము. కాళ్లుచేతులు పుల్లలవలె నుండి పొట్ట మాత్రము ముందునకు వచ్చిన మనుష్యులను మన సంతలో లెక్కపెట్టి చూడుడు. ఆ పొట్టలోపలి కొవ్వే మదుములకు పట్టు త్రుప్పు. అందుచేత తూకపు యంత్రముకంటె కొలత టేపు మనకు ఎక్కువ నిజము చెప్పును. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడువారికి 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్తపడవలెను.

మన తాతలు తిన్న అన్నమే మనమును తినుచున్నాము గదా యని అడుగవచ్చును. తాతలు అరక వెంట నడచిరి, మోపు తలకెత్తిరి. మనము ట్రాక్టరుతో దున్నించి, యంత్రముతో కోయించి, గట్టువఱకును మోటారు సైకిలుమీద పోవుచున్నాము. యంత్రమును నేను నిందించుటలేదు. నడుములు విఱిగిన కాలము తిరిగి రావలెనని కోరుటయు లేదు. పని తగ్గినను కంచములోని అన్నపు కుప్ప తగ్గలేదని మాత్రమే నా మొఱ.

అన్నమువలన మన ప్రాంతము చిక్కులో పడుట ఇది మొదటిసారి కాదు. ఉత్తర సర్కారులు ఒకనాడు బెరిబెరి వ్యాధికి పేరుపడినవి. మర పట్టి తెల్లగా చేసిన పచ్చిబియ్యముతో తవుడు పోయి, అందలి సత్తువ పోవుటయే దానికి మూలము. ఆ వ్యాధిని విచారించుటకై 1918లో కూనూరులో మెకారిసన్ దొర క్రింద నెలకొన్న చిన్న శాఖయే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. ఆ సంస్థవారే 2024లో, దినమునకు తిను ఆహారపు శక్తిలో ధాన్యముల వంతు నూటికి 45 మించరాదని చెప్పిరి. మన యింటి లెక్క చూచుకొన్న అది ఎంత దూరమో తెలియును.

దంపుడు బియ్యము, చోడిసంకటి మంచివే. అయితే దంపుడు బియ్యమైనను కుప్పగా తిన్నచో కుప్పయే. చోడిపిండి మెత్తగా విసరి పలుచని అంబలిగా త్రాగినచో అదియు త్వరగా నెత్తురున కెక్కును. అన్నము తగ్గించి ఆ చోటున పప్పు, ఉలవలు, ఆకుకూర, చేప, గ్రుడ్డు నింపవలెను. కండరము పనిచేయునపుడు లస్కరు లేకయే తెఱచుకొను దారి యొకటి కలదు. కావున భోజనమైన పిమ్మట పావుగంట నడచుట మందువంటిది. చెన్నపట్నమున 2006లో ప్రకటించిన పరీక్షలో, గడపలో నున్నవారిలో ఏ మార్పును చేయనివారికి మూడేండ్లలో నూటికి 55 మందికి వ్యాధి రాగా, తిండిని నడకను దిద్దుకొన్నవారికి 39 మందికి వచ్చినది. అందఱును తప్పించుకొనలేదు. అయినను నూటికి పదునాఱు గడపలు నిలుచుట చిన్న మాట కాదు. మందు వాడుచున్నవారు మాత్రము వైద్యుని అడుగక మానరాదు.

సహకార సంఘమునకు అప్పు, ఎరువు, విత్తనములతోనే పని గాని సభ్యుల నడుము కొలతతో నేమి పని యని పాలకవర్గములో కొందఱు అనవచ్చును. చక్కెరవలన కాలు మొద్దుబాఱిన రైతు మడిలో దిగినపుడు ముల్లు గ్రుచ్చుకొన్నను ఎఱుగడు. పుండు ముదిరి వ్రేలు తీసిన నాడు ఆ యేటి పంట అప్పు ఆసుపత్రికి పోవును. తరువాతి యేడు చేను కౌలు కిచ్చును. వాయిదా తప్పిన ఖాతా ఎవరి పద్దులో చేరునో మన కార్యదర్శిగారికి తెలియనిది కాదు.

కావున రాబోవు మహాజన సభలో నేనీ తీర్మానము పెట్టదలచితిని. ఖరీఫు అప్పులు పంచు దినములలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వారిని మన కార్యాలయమునకు పిలిపించి, ముప్పదియేండ్లు నిండిన ప్రతి సభ్యునకును, వాని యింటి ఆడువారికిని నడుము కొలిచి, నెత్తురు పోటును చక్కెరను చూపింపవలెను. పరగడుపున తీసిన నెత్తురులో చక్కెర 100 లోపల నున్న సరి, 100 మొదలు 125 వఱకు గడప, 126 మొదలు రెండుమారులు చూచి వ్యాధి యని నిర్ణయింతురు. ఈ అంకెలను ఎరువుల ధరల పట్టిక ప్రక్కనే బల్లమీద వ్రాయింపవలెను. టేపు కొనుటకు సభ అనుమతి కొఱకు వేచియుండ నక్కఱలేదు. దానిని నేను తెచ్చెదను.