తాత రాత మీద నీళ్ళు పోయొద్దు

పోయిన పొంగల్‌కు నాలుగు రోజుల ముందు ఒకాయన మా ఇంటికొచ్చినాడు. మద్రాసు నుంచి కారేసుకొని, కోవిల్‌పట్టిలో దారి అడుగుకుంటా వచ్చినాడు. పాత అగ్గిపెట్టె లేబుళ్ళు కొంటాడంట. తాత దాచిపెట్టిన నోటుబుక్కు తెచ్చి ముందర పెడితిమి. భూతద్దం తీసి ఒక్కొక్క పటం నాలుగు మూలలూ చూసినాడు. కాఫీ చల్లారిపోయింది గానీ ఆయన తల ఎత్తలేదు. చివరికి అన్నాడు: "పటాలు మంచివే సార్. కానీ అన్నిటి మీదా ఈ పెన్సిలు రాత ఉంది చూడండి, దాంతో రేటు పోయింది. తుడిచిపెట్టి ఫోన్ చేయండి, మళ్ళీ వస్తాను."

ఆ పెన్సిలు రాత మా తాతది. మేము ఫోన్ చేయలేదు, చేయబోము. అయితే అదే మాట మన చుట్టాల్లోనే ఇద్దరు ముగ్గురు అంటా ఉండారని తెలిసింది. అందుకే ఇది రాస్తా ఉండాము.

ముందు ఆ రాత సంగతి చెప్పాలి. తాతకు ఊరి మొగలో ఒక పెట్టె అంగడి ఉండేది. బీడీలు, వక్కాకు, బెల్లం, అగ్గిపెట్టెలు. పెట్టెలో పుల్లలు అయిపోతే పైనున్న పటాన్ని తడిగుడ్డ వేసి నాననిచ్చి, మెల్లగా ఊడదీసి, పాత పేపర్ల మధ్య పెట్టి, మీద తూకపు రాయి పెట్టేవాడు. ఆరినాక నోటుబుక్కులో మైదా గంజితో అతికించి, పటం మీదనే ఏదో ఒకటి రాసేవాడు. "పెద్దక్క పెండ్లి, సాత్తూరు." "వాన లేదు, మూడో ఏడు." ఒక దీపం పటం మీద "రాత్రి పాము. ఆరు పుల్లలు అయిపోయె" అని ఉంది. ఆ పాము ఏమైందో రాయలేదు. పాముకన్నా ఆరు పుల్లలు పోయినాయనేదే ఆయనకు ముఖ్యం లాగుంది, అంగడి మనిషి గదా!

ఇదంతా తెలుగే. కానీ అక్షరాలు తమిళం. తాత చదివింది తమిళ బడిలో, మాట్లాడింది ఇంటి తెలుగు. ఈ కరిసల్ సీమలో మన ఇండ్లన్నీ అట్లనే. నోట్లో తెలుగు, చేతిలో తమిళం. ఇడైచెవల్ కి. రాజనారాయణన్ గారు మనవాళ్ళు ఇక్కడికి వలసొచ్చిన కథనే నవలగా రాసినారు, అదీ తమిళంలోనే. మేము కూడా తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటినాక, చిన్నపిల్లల వాచకం పెట్టుకొని. కాబట్టి మా ఇంట్లో మాట్లాడే తెలుగు కాయితం మీదకు ఎక్కినది ఎక్కడైనా ఉంటే, అది ఈ అగ్గిపెట్టె పటాల మీదనే. ఉత్తరాలు లేవు. దస్తావేజులన్నీ తమిళం. అంగడి పద్దులు చెదలు తినేసినాయి.

దాన్ని తుడిస్తే రేటొస్తుందంట.

ఈ జబ్బు ఆ మద్రాసాయనది మాత్రమే కాదు. న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడు పాత బేస్‌బాల్ కార్డులు పోగుచేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు మా నోటుబుక్కు చూసి, "మామా, ఆడ కూడా ఇదే గోల" అని చెప్పుకొచ్చినాడు. ఆ ఆట మాకు తెలియదు, ఇప్పటికీ సరిగా అర్థం కాలేదు. ఆ కార్డుల కథ మాత్రం మన పటాల కథకు అక్కచెల్లెలు. అమెరికాలో 1909 నుంచి 1911 దాకా సిగరెట్టు పెట్టెల్లో ఆటగాళ్ళ బొమ్మల కార్డులు పెట్టి అమ్మినారు. ఆ సెట్టుకు ఇప్పుడు టీ206 అని పేరు. ముందర ఆటగాడు, వెనకాల సిగరెట్టు ప్రకటన. తర్వాతి కాలంలో చూయింగ్ గమ్ పెట్టెల్లో వచ్చినాయి. పిల్లలు వాటిని గోడకేసి విసిరి పందెం ఆడినారు, సైకిలు చక్రం పుల్లలకు క్లిప్పు పెట్టి టపటపలాడించినారు. మేము అగ్గిపెట్టె పటాలతో బడి వెనకాల ఏం చేసినామో వాళ్ళూ అదే చేసినారు.

ఇప్పుడు ఆ కార్డుల్ని ఒక కంపెనీకి పంపాలంట. వాళ్ళు మూలలు, అంచులు, పైభాగం, బొమ్మ నడిమధ్యలో ఉందా లేదా అని చూసి, 1 నుంచి 10 దాకా మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో మూసి సీలు వేసి పంపిస్తారు. కార్డు మీద పిల్లోడు పెన్సిలుతో గీసి ఉంటే మార్కు పక్కన "ఎంకే" అని రెండక్షరాలు పడుతాయి. అంటే రాతో గీతో ఉందని. దాంతో ధర కింద పడిపోతుంది. ఎవరి చేతా ముట్టబడని కార్డుకే గొప్ప. 1952 నాటి మికీ మాంటిల్ కార్డు ఒకటి, 9.5 మార్కులది, 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. అదే సెట్టులో అమ్ముడుపోని కార్డులను పెట్టెలు పెట్టెలుగా తీసుకెళ్ళి 1960లో సముద్రంలో పారబోయించినానని ఆ కంపెనీ మనిషి సై బెర్గర్ చెప్పుకున్నాడు. పిల్లలకు వద్దైనప్పుడు అది చెత్త. పిల్లల చెయ్యి పడకుండా మిగిలితే అది కోట్లు.

ఈ మార్కుల కంపెనీల్లో పెద్దదైన పీఎస్‌ఏ 1991లో మొట్టమొదట మార్కు వేసిన కార్డు ఏది? టీ206 సెట్టులోని హోనస్ వాగ్నర్ కార్డు. 8 మార్కులు వేసినారు. ఇంత పాతది, ఇంత అరుదైనది, ఇంత శుభ్రంగా ఉండడమేమని జనం నోరెళ్ళబెట్టినారు. 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2013లో దాన్ని ఒకప్పుడు అమ్మిన బిల్ మాస్ట్రో అనే ఆయన కోర్టులో ఒప్పుకున్నాడు, అంచులు నేనే కత్తిరించినానని. అంచు కోసితే కొత్త అంచు పదునుగా, తెల్లగా ఉంటుంది గదా! దానికే ఎక్కువ మార్కులు. మా అవ్వ వంకాయ పుచ్చు కోసేసి "లేత కాయ" అని అమ్మే వాళ్ళను తిడతా ఉండేది. ఇదీ అంతే.

అందుకే అడుగుతా ఉండాము. నిజంగా బతికిన కాయితానికి మార్కులు తీసేసి, కత్తిరించి దొంగచాటుగా శుభ్రం చేసిన కాయితానికి మార్కులు వేసే కొలబద్ద మనకెందుకు?

మార్కులు వేసే పద్ధతిలో మంచి అసలు లేదని మేము అనము. దొంగ కార్డులు, దొంగ పటాలు ఎక్కువైనాయి. పాత పటం లాగా కొత్తగా అచ్చేసి, టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టినవి మా చేతికే వచ్చినాయి. శివకాశి పక్కన ఉన్నోళ్ళకు అచ్చు సంగతి చెప్పాల్నా! తెలిసినోడు చూసి "ఇది అసలుది" అని చెప్తే కొనేవాడికి మేలే. అసలా నకిలీనా అని చూడడం ఒక పని. చెయ్యి పడిందా లేదా అని చూడడం వేరే పని. ఆ రెంటినీ ఒకే తూకంలో వేయడంతోనే మా తగువు.

ఇక మా ఇంటి పిచ్చి ఏందో కూడా చెప్పేస్తాము, దాపరికం ఎందుకు. ప్రెస్సు నుంచి నేరుగా వచ్చిన, ఏ పెట్టె మీదా అతకని పటాన్ని మేము ఉచితంగా ఇచ్చినా తీసుకోము. అది పెండ్లి కాని పత్రిక లాంటిది. పెద్దన్నకు ఎక్సైజు పట్టీ ముక్క అంటుకొని ఉన్న పటమే కావాలి. 1934లో తెల్లదొరలు అగ్గిపెట్టె మీద సుంకం చట్టం తెచ్చినాక పెట్టెలకు పట్టీలు అతికించేవాళ్ళు. ఆ పట్టీ చినిగిందంటే ఎవరో పెట్టె తెరిచినారు, పొయ్యి వెలిగించినారు అని అన్న లెక్క. చిన్నోడికి రంగులు తప్పినవి ఇష్టం. లితో అచ్చులో ఎరుపు ఒకపక్కకు జరిగి, చిలక ముక్కు చిలకకు అవతల పడి ఉంటుందే, అట్లాంటివి. వదినకు ఎడమపక్క చూసే జంతువులే కావాలి, కారణం అడిగితే నవ్వుతుంది. అమెరికాలోనూ ఇట్లాంటోళ్ళు ఉండారంట. బొమ్మ వదిలేసి వెనకాల పీడ్మాంట్ ప్రకటన ఉందా, పోలార్ బేర్ ప్రకటన ఉందా అని చూసేవాళ్ళు ఉండారు. గుండుసూది రంధ్రాలు ఉన్నవే వెతికేవాళ్ళూ ఉండారు. ఎవడో పిల్లోడు గోడకు గుచ్చి రోజూ చూసుకున్నాడని దానర్థం. వాళ్ళు మా వాళ్ళు, ఆట తెలియకపోయినా!

వాళ్ళందరికీ మూలపురుషుడు జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన. 1939లో అమెరికా కార్డులన్నిటికీ పట్టిక అచ్చేసినాడు. టీ206 అనే గుర్తు కూడా ఆయన పట్టికదే. కీళ్ళవాతంతో చేతులు వంకర పోయినా, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో కూర్చొని తన కార్డులన్నీ జిగురు పెట్టి ఆల్బముల్లో అతికించినాడు. అందులో బేస్‌బాల్‌వే 30,000కు పైన. 1963 జనవరిలో పని ముగించి, రెండు నెలలకు పోయినాడు. జిగురు పెట్టినాడు కాబట్టి ఈనాటి లెక్కలో ఆ కార్డులన్నీ చెడిపోయినవే. అయినా జనం అవే చూడడానికి మ్యూజియానికి పోతారు. మైదా గంజి పెట్టిన మా తాత ఆయన పక్కన కూర్చోదగ్గవాడే అని మా లెక్క.

ఇప్పుడు అసలు మాట. భాగాలు పంచుకున్నప్పుడు తాత నోటుబుక్కులు మూడు ఇండ్లకు పోయినాయి. ఒకటి మా దగ్గర ఉంది. ఒకటి గుడియాత్తం చిన్నాయన ఇంట్లో. మూడోది ఎవరి దగ్గర ఉందో పేరు చెప్పము, వాళ్ళకే తెలుసు. ఆ మూడో బుక్కులో పదకొండు పటాలను బ్లీచింగ్ నీళ్ళలో ముంచి రాత తీసేసినారని దీపావళికి తెలిసింది. అన్నీ తెల్లగా తేలినాయి, రెంటికి రంగు కూడా పోయింది. వాటిని కొన్నాయన ఇచ్చిన డబ్బుతో ఒక మిక్సీ వచ్చిందంట. తప్పు పట్టడం లేదు, ఇంట్లో అవసరాలు అందరికీ ఉంటాయి. కానీ ఆ పదకొండు పటాల మీద తాత ఏం రాసినాడో ఇంక ఎవరికీ తెలియదు. ముంచకముందు ఒక ఫోటో అయినా తీసుంటే ఎంత బాగుండేది!

మా బుక్కులో ఎద్దుల పటం ఒకటి ఉంది. దాని మీద ఒకే ఒక మాట. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం కాబట్టి దాన్ని "కాడి" అని చదవొచ్చు, "గాడి" అని కూడా చదవొచ్చు. ఎద్దుల మెడమీది కాడా, మేత వేసే గాడా? పెద్దన్న కాడి అంటాడు, చిన్నోడు గాడి అంటాడు. ఆ ఏడు తాత కొత్త కాడి చేయించినాడని అమ్మ చెప్పేది. పాత ఇంటి వెనకాల రాతి గాడి ఇప్పటికీ ఉంది. గుడియాత్తం బుక్కులో అదే ఎద్దుల పటం ఇంకొకటి ఉందని, దాని మీద రెండు వరుసలు రాసుందని చిన్నాయన ఫోన్‌లో చెప్పినాడు. కండ్లజోడు పగిలింది, చదవలేనన్నాడు.

చిన్నాయనా, మాసి నెలలో మొదటి ఆదివారం మేము ముగ్గురం బయలుదేరి వస్తాము. కొత్త కండ్లజోడు కూడా తెస్తాము, నంబరు చెప్పండి. అప్పటిదాకా బుక్కు బీరువాలోనే ఉండనీయండి. ఎవరొచ్చి ఎంత రేటు చెప్పినా సరే, ఆ ఎద్దుల మీద ఒక చుక్క నీళ్ళు కూడా పడనీయొద్దు.