పరదేశమున పంతులమ్మ



పూర్వము మన యిండ్లలో ఆడుబిడ్డ దూరదేశమునకు పోవుటయన్న మగని వెంట పోవుటయే. ఇప్పుడట్లు గాదు. చదువుకొన్న పడుచు తన చదువునే తోడుగా గొని సముద్రములు దాటుచున్నది. మేము నివసించు సాతంరాయి హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు రాజమార్గముపై, శంషాబాదునకు ఈవల నున్నది. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదున రాజీవుగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము తెరవబడినది మొదలు ఇచట తలయెత్తిన విమానములే. వానిని చూచుచు పెరిగిన బాలికలకు పరదేశమనునది పొరుగూరివలె దోచుచున్నది. నర్సులుగను, కంప్యూటరు పనివారుగను పోవువారిని గూర్చి అందరు నెరుగుదురు. ఇంగ్లీషు పంతులమ్మలుగా పోగోరువారిని గూర్చి ఈ మాసమున నాలుగు మాటలు విన్నవింతుము.

ఇటీవల మా గ్రామమున నొక తల్లి మమ్మిట్లు అడిగెను: “అమ్మా, మా బిడ్డ బి.ఏ. పాసయింది. ఇంగ్లీషు మంచిగ మాట్లాడతది. ఒక ఏజెంటు వారం రోజులల్ల సర్టిఫికెటు ఇప్పిస్తడట. విజిట్ వీసా మీద పంపి, అక్కడికి పోయినంక కొలువు చూస్తడట. రెండు తులాల గొలుసు కుదువబెట్టుమంటున్నడు. పెట్టమంటరా?”

ఆ గొలుసు ఆమెకు పుట్టినింటివారు పెట్టినది. ఆమె ప్రశ్న యొకటియే యైనను అందు మూడు ప్రశ్నలు గలవు. వారము దినముల చదువు చదువగునా? మన బిడ్డను ఏ దేశము పంతులమ్మగా స్వీకరించును? విజిట్ వీసాతో కొలువు చేయవచ్చునా? ఈ మూడింటికి సమాధానము తెలిసినగాని గొలుసు మెడనుండి తీయవలదని మేమంటిమి. ఇట్టి ప్రశ్న మరికొన్ని యిండ్లలో గూడ పుట్టుచుండును గాన ఆ సమాధానములనే యిచట వ్రాయుచున్నారము.

మొదటిది చదువు మాట. ఇంగ్లీషు వచ్చుట వేరు, ఇంగ్లీషు నేర్ప వచ్చుట వేరు. భారతము ఆదిపర్వమున కచుని కథ మీరెరిగినదే. మృతసంజీవనికై అతడు శుక్రుని చెంతకు పరదేశము పోయి, సేవించి, విద్యను బడసెను. “ఆ విద్య నీయందు ఫలింపకుండుగాక” యని దేవయాని శపింపగా, తాను నేర్పినవారియందు ఫలించునని అతడు బదులుచెప్పెను. ఉపాధ్యాయధర్మమంతయు ఆ బదులునందే యున్నట్లు మాకు దోచును. పంతులమ్మ విద్య ఆమె నాలుకపై గాదు, శిష్యుని నాలుకపై ఫలింపవలయును.

మన బడులలో ఇంగ్లీషు పాఠము జరుగు తీరు జ్ఞప్తికి దెచ్చుకొనుడు. పంతులుగారు ఒక వాక్యము చదివి, దాని యర్థము తెలుగున జెప్పి, పిల్లలచేత వ్రాయింతురు. థాయిలాండులోనో, వియత్నాములోనో తరగతియందు నిలిచినపుడు ఈ యుపాయము సాగదు. అచటి పిల్లలకు తెలుగు రాదు, ఈమెకు వారి భాష రాదు. వస్తువును జూపియో, బొమ్మ గీచియో, అభినయించియో అర్థము తెలుపవలెను. తెలిసినదా యని యడిగిన అందరు తలయూపుదురు గాన, తెలిసినదో లేదో బయటపడునట్టి చిన్న ప్రశ్న వేయవలెను. తాను తక్కువగా మాటలాడి వారిచే నెక్కువగా మాటలాడింపవలెను. ఇది యంతయు నొక విద్య.

ఉచ్చారణమును అట్టిదే. తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతో ముగియును. అందుచేత ‘బస్’ మన నోట ‘బస్సు’, ‘బుక్’ ‘బుక్కు’ అగును. థాయి బాలుడో, మాట చివర హల్లులు గుంపుగా వచ్చినచో కొన్నింటిని విడిచివేయును. మనము లేని యచ్చును జేర్తుము, అతడు ఉన్న హల్లును వదలును. మరియు ఇంగ్లీషున ఊనిక మారిన మాటయే మారును. ‘రికార్డ్’ అను మాటను మొదట నొక్కి పలికిన అది వస్తువు పేరు, తుద నొక్కి పలికిన అది చేయుపని. మన దోషమును మనమెరిగి, శిష్యుని దోషము నెరుగుటకు చెవి కుదురవలెను. ఆ చెవి వారము దినములలో కుదురదు.

ఈ విద్యకు లోకమున పేరుబడిన శిక్షణము గలదు. 1962లో లండనునందు జాన్ హేక్రాఫ్టు, బ్రిటా హేక్రాఫ్టు అను దంపతులు ఇంగ్లీషు పంతుళ్లకై కొలది వారముల శిక్షణమును మొదలిడిరి. ఆ పద్ధతియే పెరిగి నేడు కేంబ్రిడ్జివారి ‘సెల్టా’ యను సర్టిఫికెట్టుగా నున్నది. దానికి తక్కువలో తక్కువ 120 గంటల చదువు. అందు 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠము చెప్పవలెను. చెప్పుచుండగా గురువు వెనుక గూర్చుండి చూచి, తప్పులు వ్రాసికొని, పిదప దిద్దును. లండనులోని ట్రినిటీ కళాశాలవారి సర్టిఫికెట్టునకును ఇట్టి 6 గంటల నియమము గలదు.

ఇంటర్నెట్టులో అమ్ముడుపోవు చౌకసర్టిఫికెట్లపైన గూడ ‘120 గంటలు’ అనియే యుండును. అంకె యొకటియే, సరకు వేరు. పలుచోట్ల వానియందు విద్యార్థి ముఖము గానరాదు, దిద్దువాడు గానరాడు. వానిని చదివినచో కొంత తెలివి గలుగవచ్చును. కొన్ని చోట్ల కొలువిచ్చువారు వానిని ఒప్పుకొనవచ్చును. అయినను ఇల్లలుకగానే పండుగ గాదు. కావున ఎవరే సర్టిఫికెట్టును జూపినను తల్లులు అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: “మా బిడ్డ పాఠము చెప్పుచుండగా ఎవరు చూచి దిద్దుదురు?” దీనికి బదులు లేనిచోట గవ్వయైనను ఈయకుడు.

పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత హైదరాబాదువారి విషయమున నిజమగుచున్నది. ఇంగ్లీషు పంతుళ్లను తీర్చుటకే 1958లో ఈ నగరమున కేంద్ర ఇంగ్లీషు సంస్థ వెలసినది. 1972లో తక్కిన విదేశభాషలు గూడ దాని పేరున జేరినవి. 2007లో అది ‘ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయము’ అను కేంద్ర విశ్వవిద్యాలయ మైనది. తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంత నున్నది. ఇంగ్లీషు బోధనయందు పోస్టుగ్రాడ్యుయేటు డిప్లొమా అచట నేర్పబడును. 1964లో మన ప్రభుత్వము మొదలిడిన సాంకేతిక సహకార ప్రణాళిక క్రింద ఆసియా, ఆఫ్రికా దేశములనుండి ఉపాధ్యాయులు, ఉద్యోగులు అచటికి ఇంగ్లీషు శిక్షణమునకై వచ్చుచుండుట కలదు. వారు విమానము దిగి మా సాతంరాయి మీదుగా నగరమునకు పోవుచుండగా, మన పడుచులు ఆ విద్యకై అప్పుచేసి విమాన మెక్కనేల? బి.ఎడ్. గాని, ఈ డిప్లొమా గాని ముందు సంపాదించి, ఇచటనే యొక బడిలో రెండేండ్లు పాఠము చెప్పిన పిల్లకు పరదేశమున విలువ హెచ్చు.

రెండవది, ఏ దేశము స్వీకరించును? ఇచట నొక చేదునిజము చెప్పవలసి యున్నది. కొన్ని దేశములు పాండిత్యముకంటె పాస్‌పోర్టును ముందు జూచును. దక్షిణ కొరియావారి ఇంగ్లీషు పంతుళ్ల వీసా సాధారణముగా అమెరికా, బ్రిటను, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండు, దక్షిణాఫ్రికా అను ఏడు దేశముల వారికే. 2010లో అమలునకు వచ్చిన ఒప్పందమున మనవారికి సహాయోపాధ్యాయ పదవులకు మాత్రము దారి తెరచిరి. దానికిని ఉపాధ్యాయ యోగ్యతాపత్రము వలయును. సరస్వతికి పాస్‌పోర్టు నడుగుట న్యాయము గాదు. అయినను అది వారి చట్టము. ఏజెంటు మాటతో అది మారదు.

మన బిడ్డలకు తెరచియున్న తలుపులు వేరు. దుబాయి, ఖతారు, ఒమాను, కువైటు మొదలగు చోట్ల మన సి.బి.ఎస్.ఇ. పాఠక్రమము నడుపు బడులు అనేకము గలవు. బి.ఎడ్.యు, అనుభవమును గల ఇంగ్లీషు పంతులమ్మలకు అచట చోటు గలదు. మాల్దీవుల బడులలో మనదేశపు ఉపాధ్యాయులు బహుకాలమునుండి పనిచేయుచున్నారు. హైలీ సెలాసీ చక్రవర్తి కాలమున ఇథియోపియా బడులలో మనవారు అనేకులు పాఠములు చెప్పిరి. థాయిలాండున డిగ్రీ వలయును. ఇంగ్లీషు మాతృభాష గానివారు పరీక్షాఫలమును గూడ జూపవలసి యుండును. ఇంటనుండియే ఇంటర్నెట్టు ద్వారా నేర్పుదమన్నను స్థిరము తక్కువ. 2021 జులైలో చైనా ప్రభుత్వము తమ పిల్లలకు పరదేశమందున్నవారు ట్యూషను చెప్పుటను నిషేధించగా, ఆ పనిపై నాధారపడిన పంతుళ్ల జీతములు ఒక్కసారిగా ఆగిపోయినవి.

మూడవది వీసా మాట. విజిట్ వీసా చూచివచ్చుటకే గాని జీతమునకు గాదు. దానితో పని చేయుట నేరముగా నెంచబడి, జరిమానాయో, చెరయో, వెనుకకు పంపుటయో జరుగును. అట్టిదశలో జీతమెగవేసినను ఆ పిల్ల ఎవరికి మొరపెట్టుకొనగలదు? కొలువిచ్చు బడియే పనివీసా తీసినపిమ్మట గాని గడప దాటరాదు.

1983 నాటి ఎమిగ్రేషను చట్టము ప్రకారము పరదేశపు కొలువులకు పంపు ఏజెంటు ప్రభుత్వముచే రిజిస్టరు కావలయును. అట్టివారి పేర్లు ప్రభుత్వపు ‘ఈ-మైగ్రేట్’ పట్టికయందు చూడవచ్చును. రిజిస్టరైన ఏజెంటుసైతము 30,000 రూపాయలును, దానిపై జి.ఎస్.టి.యు మించి తన రుసుముగా పుచ్చుకొనరాదు. తెలంగాణ ప్రభుత్వమువారికే ‘టామ్‌కామ్’ అను సంస్థ గలదు. పరదేశపు కొలువులను గూర్చి అచట విచారింపవచ్చును.

ఇక కాగితములు. డిగ్రీ పత్రములకు రాష్ట్రప్రభుత్వపు ధ్రువీకరణమును, పిదప కేంద్ర విదేశాంగశాఖవారి ముద్రయు వేయింపవలెను. 2005లో మనదేశము జేరిన అపోస్టిల్ ఒడంబడిక గల దేశములకు ఆ ముద్రయే చాలును; చేరని దేశములకు వారి రాయబారి కార్యాలయపు ముద్ర గూడ వలయును. పోలీసువారి సత్ప్రవర్తన పత్రమును అడుగుదురు. ఒప్పందపత్రమున జీతము, వారమునకు ఎన్ని పాఠములు, బస ఎవరిది, సెలవులెన్ని, తిరుగుటికెట్టు ఎవరిది యను సంగతులు అక్షరరూపమున నుండవలెను. సంతకము చేయుముందు ఇంటిలో నిద్దరు చదువవలెను. పాస్‌పోర్టును మాత్రము పిల్ల తన చేతనే యుంచుకొనవలెను. కష్టము వచ్చినచో మన రాయబారి కార్యాలయమునకును, 2015లో ఏర్పడిన ‘మదద్’ అను ప్రభుత్వపు ఫిర్యాదుల పద్ధతికిని తెలుపవచ్చును.

తుదకు ఇంటి పెద్దలతో నొక మాట. కొందరు ఆడుబిడ్డయని గడప దాటనీయరు. మరికొందరు డబ్బు వచ్చునని విచారింపకయే దాటింతురు. రెండును బిడ్డకు కీడే. పోదలచిన పిల్లను ముందు మన వీధియరుగుమీదనే పరీక్షింపుడు. నలుగురు పిల్లలను గూర్చుండబెట్టి, తెలుగుమాట యొక్కటియు పలుకక, అరగంట ఇంగ్లీషు నేర్పుమనుడు. మీరు దూరముగా గూర్చుండి చూడుడు. మీకు ఇంగ్లీషు రాకపోయినను సరియే. పిల్లల నోళ్లు తెరచుకొన్నవో, కనులు మూతపడినవో మీకు తెలియకపోదు. నోళ్లు తెరచుకొన్నచో ఆ బిడ్డ మంచి చదువు చదివి, మంచి కాగితములతో, తలయెత్తుకొని పోవుగాక! ఆమెను ఆపకుడు.