పద్దు ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదే

కరణం మన పొలం దున్నలేదు. మన ధాన్యం మోయలేదు. అతని దగ్గర ఉన్నది ఒక పుస్తకం, ఒక కలం. ఏళ్ల తరబడి బంజరు సాగుచేసుకుంటున్న మాదిగ పేరు అడంగల్‌లోకి ఎక్కకపోతే, కాగితం మీద ఆ మనిషి సాగుచేయనట్టే లెక్క. తెలంగాణలో పట్వారీ పహాణీతో ఇదే పని చేశాడు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఈ వంశపారంపర్య పదవులను రద్దుచేసింది. పదవులు పోయాయి గాని అవి నేర్పిన పాఠం మనకింకా కావాలి. కష్టం ఎవరిదైనా, సరుకు ఎవరిదైనా, పద్దు రాసేవాడిదే పెత్తనం.

ఇప్పుడీ మాట ఎందుకంటే, మన సంఘాల కాగితాలన్నీ ఫోన్లలోకి, కంప్యూటర్లలోకి చేరిపోయాయి. వాటి పద్దు ఎవరి దగ్గర ఉందో మనం అడగడం లేదు.

కేసు కాగితాలు ఎక్కడున్నాయి?

అట్రాసిటీ కేసు నడిపినవాళ్లకు తెలుసు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, కుల ధ్రువీకరణ పత్రం, ఆస్పత్రి కాగితాలు, దెబ్బల ఫోటోలు, నిజనిర్ధారణకు వెళ్లినప్పుడు తీసిన వీడియోలు, సాక్షుల పేర్లు, వాళ్ల ఫోన్ నంబర్లు, గొడవకు మూలమైన భూమి పట్టా. ఒక్క కేసుకే ఒక పెట్టె నిండుతుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్లను నరికి చంపారు. కింది కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. అంటే ఇరవై రెండేళ్లకు పైగా కాగితం నిలబడాలి, సాక్షి నిలబడాలి. ఇవాళ మన కార్యకర్త ఫోను మూడేళ్లు నిలబడితే గొప్ప. కేసంతా ఆ ఫోన్లోనే ఉంటోంది.

అదే ఫోటో, అదే సాక్షి నంబరు రెండొందలమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో కూడా తిరుగుతోంది. వాట్సాప్ మాటలకు దారిలో తాళం ఉంటుంది, నిజమే. గ్రూపులో కూర్చున్నవాడు ఆ ఫోను ఎవరికి చూపిస్తాడో, దానికి మాత్రం తాళం లేదు. సాక్షి ఎవరో అవతలివాళ్లకు తెలిసిన రోజే రాజీకి రమ్మంటూ పెద్దమనుషులు ఆ ఇంటికి బయల్దేరతారు. 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టంలో 15ఎ సెక్షన్ వచ్చింది. బాధితులకు, సాక్షులకు రక్షణ పొందే హక్కు ఇచ్చింది. స్వచ్ఛంద సంస్థల, సామాజిక కార్యకర్తల, వకీళ్ల సాయం తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. ఆ సాయానికి వెళ్లిన మనమే సాక్షి నంబరు వీధిలో పడేస్తే ఆ హక్కుకు అర్థం ఏముంది?

కాబట్టి ఫైలు ఒకచోట భద్రంగా ఉండాలి. పని ఉన్న మనిషి ఎక్కడినుంచయినా దాన్ని చూడగలగాలి. పని లేని మనిషికి దారే ఉండకూడదు. దీనికి ఉపాయం ఉంది.

సొంత దారి

జిల్లా సంఘం ఆఫీసు తెనాలిలో ఉందనుకోండి. ఫైళ్లు అక్కడి కంప్యూటర్లో ఉన్నాయి. వకీలు గుంటూరులో, కార్యకర్త పల్లెలో, లెక్కలు చూసే అక్క హైదరాబాదులో ఉన్నారు. ఆఫీసు కంప్యూటర్‌ను బజార్లో పెట్టకుండా ఈ ముగ్గురికే దారి వేయడాన్ని ప్రైవేటు వీపీఎన్ అంటారు. నెలకింతని డబ్బు కట్టించుకుని వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్‌లు వేరు. ఇది మన యంత్రాలను మనమే కలుపుకునే దారి.

ఇందులో తాళాల పని చేసేది వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అనే ఆయన రాశాడు. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6లో దాన్ని కలిపేశారు. దాని రాత అందరికీ తెరిచే ఉంది, చదవగలిగినవాళ్లు ఎవరైనా చదవొచ్చు. పద్ధతి ఇది: ప్రతి యంత్రం తనకోసం ఒక తాళంకప్ప, ఒక తాళంచెవి తయారుచేసుకుంటుంది. తాళంకప్పను మిగతావాళ్లకు పంచుతుంది. చెవి మాత్రం తన దగ్గరే ఉంచుకుంటుంది. నాకు ఎవరైనా ఏదైనా పంపాలంటే నా కప్ప వేసి పంపాలి. తీయగలిగేది నేనొక్కడినే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పది యంత్రాలుంటే పదింటి కప్పలూ ఒకరివొకరికి అందాలి. పైగా మన ఇళ్లకు, ఫోన్లకు వచ్చే ఇంటర్నెట్‌కు చాలావరకు సొంత డోర్ నంబరు ఉండదు. ఎన్నో ఇళ్లను కంపెనీ ఒకే నంబరు వెనక పెడుతుంది, ఆ నంబరు కూడా మారుతుంటుంది. అందుకని ఎవరు సభ్యులు, ఎవరి కప్ప ఏది, ఇప్పుడు ఎవరు ఏ నంబరు దగ్గరున్నారు, ఎవరు ఎవరిని కలవొచ్చు అనే పద్దు రాసే యంత్రం ఒకటి కావాలి. దాన్ని కోఆర్డినేషన్ సర్వర్ అంటారు. మన భాషలో పద్దు మిషను.

టెయిల్‌స్కేల్ అనే కెనడా కంపెనీ ఈ పద్దు రాసి పెడుతుంది. చిన్న గుంపులకు ఉచితంగా కూడా ఇస్తుంది. వాడటం సులువు. న్యాయంగా చెప్పాలంటే ఆ కంపెనీ మన ఫైళ్లు చదవలేదు, ఎందుకంటే చెవులు మన యంత్రాల్లోనే ఉంటాయి. కాని పద్దు దానిది. మన సంఘంలో ఏ యంత్రాలున్నాయి, ఎవరివి, ఏ నంబరు నుంచి ఎప్పుడు వచ్చాయి, ఇదంతా దాని పుస్తకంలో ఉంటుంది. పద్దు రాసేవాడు తలుచుకుంటే, లేదా వాడి మెడ మీద ఎవరైనా కత్తి పెడితే, మన జాబితాలోకి ఒక కొత్త పేరు ఎక్కించవచ్చు. ఈ ప్రమాదానికి విరుగుడుగా టెయిల్‌నెట్ లాక్ అనే ఏర్పాటును ఆ కంపెనీయే తెచ్చింది. అంటే ప్రమాదం ఉందని వాళ్లకూ తెలుసు. అక్కడ ఖాతా మూతపడితే మన దారికి కొత్త మనిషిని చేర్చుకోలేం.

కరణం ఇల్లు కెనడాలో ఉన్నంత మాత్రాన అతను కరణం కాకుండా పోడు.

పద్దు మనమే రాసుకోవచ్చు

హెడ్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. హువాన్ ఫాంట్ అనే ఆయన మొదలుపెట్టాడు. టెయిల్‌స్కేల్ కంపెనీ పద్దు మిషను చేసే పనినే ఇది చేస్తుంది. ఎవరైనా ఉచితంగా తీసుకుని సొంతంగా నడుపుకోవచ్చు. ఫోన్లలో, కంప్యూటర్లలో వేసుకునేది అదే టెయిల్‌స్కేల్ యాప్. అందులో సర్వర్ చిరునామా మాత్రం మనది రాసుకోవాలి.

దీనికి కావలసినవి: సొంత డోర్ నంబరు ఉన్న ఒక చిన్న అద్దె సర్వర్, నెలకు కొన్ని వందల రూపాయలు. ఒక డొమైన్ పేరు, ఏడాదికొకసారి డబ్బు. దారికి తాళం వేసే సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది. లినక్స్ తెలిసిన మనిషికి ఒకరోజు పని. ఫీజు రీయింబర్స్‌మెంటుతో బీటెక్ చదివిన పిల్లలు మన పేటల్లో లేరా? కంపెనీల సర్వర్లను రాత్రింబవళ్లు కాపలా కాస్తున్నారు. సంఘానికి ఒక ఆదివారం ఇమ్మని అడగండి.

వాళ్లకు చెప్పాల్సినవి మూడున్నాయి. ఒకటి, ఎవరు ఎక్కడికి పోవచ్చో నియమాలు రాయకపోతే హెడ్‌స్కేల్‌లో అందరికీ అన్ని యంత్రాల దగ్గరికీ దారి ఉంటుంది. నియమాలు రాయించండి. సాక్షుల ఫైలు దగ్గరికి వకీలు, కేసు చూసే కార్యకర్త మాత్రమే పోవాలి. రెండు, రెండు యంత్రాలు నేరుగా కలవలేనప్పుడు సరుకు మధ్యలో ఒక రిలే సర్వర్ మీదుగా పోతుంది. మామూలుగా ఆ రిలే కంపెనీదే. అది తాళం వేసిన మూటనే చూస్తుంది, విప్పలేదు. ఆ మూట ఎటునుంచి ఎటు పోతోందో మాత్రం చూస్తుంది. అది కూడా వద్దనుకుంటే హెడ్‌స్కేల్‌లోనే సొంత రిలే నడుపుకోవచ్చు. మూడు, పద్దు చిన్న డేటాబేసు, చాలా సంఘాలకు ఒక్క ఫైలు. దాని నకలు వేరేచోట తప్పకుండా ఉండాలి.

ఇది ఏం చేయలేదు?

ఇదేదో రక్షరేకు అనుకోవద్దు. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామనగానే అమలాపురం తగలబడింది. ప్రభుత్వం అక్కడ రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేసింది. ఇంటర్నెట్టే లేనప్పుడు ఈ దారీ లేదు. అందుకే ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి ఉండాలి. కాగితం నకళ్లు వకీలు దగ్గర ఉండాలి.

భీమా కోరేగావ్ కేసులో అరెస్టయిన రోనా విల్సన్ లాప్‌టాప్‌ను అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చింది. బయటివాడెవడో 22 నెలలకు పైగా అందులో చొరబడి ఉన్నాడని, పత్రాలు తెచ్చి పెట్టాడని తేల్చింది. తెలిసిన మనిషి ఈమెయిల్ ఖాతా నుంచి వచ్చిన ఉత్తరంలోని ఫైలు తెరవడంతో అది మొదలైందని చెప్పింది. ఎంత గట్టి దారి వేసుకున్నా ఇంట్లోకి మనమే తెచ్చుకున్న దొంగను అది ఆపలేదు. తెలిసినవాళ్లు పంపినా సరే, ఫోను చేసి అడిగాకే ఫైలు తెరవాలి.

అద్దె సర్వర్ కూడా వేరేవాళ్ల ఇల్లే. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వర్లు అద్దెకిచ్చేవాళ్లు, వీపీఎన్ సేవలు అమ్మేవాళ్లు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు ఐదేళ్లు దాచాలి. సంస్థలు తమ సొంత పనికి నడుపుకునే వీపీఎన్‌లకు వీపీఎన్ అమ్మేవాళ్ల నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ తర్వాత వివరణ ఇచ్చింది. అయినా అద్దె కట్టినవాళ్ల పేరు కంపెనీ దగ్గర ఉంటుంది. కాబట్టి సర్వర్‌ను సంఘం పేరు మీదే బాహాటంగా తీసుకోండి. మనం దొంగతనం చేయడం లేదు. బాధితుల కాగితాలు కాపాడుతున్నాం.

మనలో కరణం పుట్టకుండా

అన్నిటికంటే పెద్ద ప్రమాదం బయట లేదు. పాస్‌వర్డు ఒక్క అన్న దగ్గరే ఉండి, ఆ అన్నకు సంఘంతో తగాదా వస్తే ఏమవుతుంది? పద్దుతో సహా వెళ్లిపోతాడు. రసీదు పుస్తకాలతో, బ్యానర్లతో, ఆఫీసు తాళాలతో సహా చీలిపోయిన సంఘాలను మనం చూడలేదా? కెనడా కరణాన్ని వద్దని తెనాలి కరణాన్ని తెచ్చుకుంటే బాధితురాలికి ఒరిగేదేమీ లేదు.

అందుకే నియమాలు ముందు, మిషను తర్వాత. తాళాలు ముగ్గురి దగ్గర ఉండాలి. అందులో కనీసం ఒక ఆడమనిషి ఉండాలి. ఎన్నో కేసుల్లో దెబ్బలు తినేదీ, సాక్ష్యం చెప్పేదీ మన ఆడవాళ్లే అయినప్పుడు తాళాలు మగవాళ్ల జేబులోనే ఎందుకుండాలి? కొత్త యంత్రాన్ని చేర్చినా, పాతదాన్ని తీసేసినా మినిట్స్ పుస్తకంలో తారీఖుతో రాయాలి. ఫోను పోయిందని తెలిసిన గంటలో దాన్ని జాబితా నుంచి తీసేయాలి. సంఘం వదిలినవాళ్ల యంత్రం అదే రోజు తీసేయాలి, కోపంతో కాదు, పద్ధతిగా. నెలకొకసారి జాబితాను కమిటీ ముందు చదవాలి. చదువురాని సభ్యురాలు కూడా “ఈ ఐదో పేరెవరిది?” అని అడగగలగాలి. సాఫ్ట్‌వేర్ కొత్త రకం వచ్చినప్పుడల్లా మార్చే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి. ఇవి చేయలేని సంఘం సొంత మిషను పెట్టుకోకపోవడమే మేలు. చూసేవాళ్లు లేని సర్వర్ తలుపు తీసిన ఇల్లు.

కూలినాలి చేసుకునే మనకు ఇవన్నీ ఎందుకని కొందరంటారు. 1920లో అంబేడ్కర్ ‘మూక్‌నాయక్’ మొదలుపెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా ‘కేసరి’ పత్రిక ప్రకటన వేయలేదు. ఆయన ఆగలేదు, సొంత పత్రికలు పెట్టారు, తర్వాత సొంత ప్రెస్సు నడిపారు. కూలిజనం చందాలిచ్చిన ఉద్యమం అది. అచ్చుయంత్రం మనకెందుకని ఆనాడు అనుకుని ఉంటే ఈ పత్రిక మీ చేతిలో ఉండేది కాదు.

వచ్చే జిల్లా కమిటీ మీటింగులో ఒక్క ప్రశ్న ఎజెండాలో పెట్టండి: మన కేసుల కాగితాలు ఎక్కడున్నాయి, వాటి పద్దు ఎవరు రాస్తున్నారు? జవాబు తెలియకపోతే అక్కడినుంచే పని మొదలు.

జై భీమ్!